అంజన్‌కు కన్నీటి నివాళి

ఆ బుధవారం వైకుంఠం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి కృపాకర్ ఫ్లెక్సీల దుకాణానికి వెళ్ళాలి. అక్కడ చుట్టచుట్టి ఉంచిన ఫ్లెక్సీ తీసుకుని ఆటోలో యాకుత్‌పురా వెళ్ళి కొడుక్కి ఇవ్వాలి. తిరిగొచ్చి లాల్‌దర్వాజాలో తన గిన్నెల దుకాణం తెరవాలి. ముప్పై ఏళ్ళుగా ఇత్తడి బిందెలూ స్టీలు డబ్బాలూ అమ్ముతున్న మనిషికి ఇదీ ఒక పనేనా అనుకున్నాడు.

కొడుకు పేరు అంజన్. పాటలు కట్టి పాడతాడు. దాన్ని ర్యాప్ అంటారని అంజన్, లొల్లి అంటారని వైకుంఠం. అంజన్ సినిమాల్లో కూడా వేస్తాడు. మొదటి సినిమాలో హీరో చేతిలో చచ్చాడు, రెండోదాంట్లో హీరో కారు కింద పడి చచ్చాడు, మూడోదాంట్లో పొరపాటున చచ్చాడు. నాలుగోదాంట్లో ఎలా చచ్చాడో ఎడిటింగులో పోయింది. ఈ ఐదోదాంట్లో సినిమా మొదలయ్యేసరికే చచ్చిపోయి ఉంటాడు. అయినా ఇదే పెద్ద వేషం. చనిపోయిన ఆ పాటగాడి సంతాపసభలో జనమంతా అతని పాట పాడతారు, ఆ పాట అంజన్ సొంతంగా రాసుకున్నది.

"గీ సినిమాతోని కాకుంటే దుకాణంల కూసుంటవ్," అని వైకుంఠం గడువు పెట్టాడు. "సరే బాపు, కూసుంట," అని అంజన్ ఒప్పుకున్నాడు.

సభలో వెనక కట్టే ఫ్లెక్సీ గిరాకీ మన గల్లీవాడికే రావాలని అంజన్ సినిమావాళ్ళకు కృపాకర్ నంబరు ఇచ్చాడు. ఆ మాట కృపాకర్‌కు చెప్పడం మాత్రం మరిచాడు. తెల్లవారకముందే షూటింగుకు వెళ్తూ తండ్రిని లేపాడు. "బాపు, పదకొండింటికి షాటు. గా షూటింగ్ ఇల్లు మాకు ఒంటిగంట దాకనే ఇచ్చిండ్రు. ఫ్లెక్సీ టైముకు రాకుంటే సీనే తీసేస్త అన్నది డైరెక్టర్ మేడం. ఆడ గేటుకాడనే ఫోన్లు గుంజుకుంటరు, నేను ఫోన్ జేయలేను. నువ్వే తేవాలె." ఈ లొల్లి మొదలైనప్పటినుంచి కొడుకు తన సాయం అడగడం అదే మొదటిసారి. వైకుంఠం విసుక్కున్నాడు గానీ, ఏడింటికే గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకుని వెనక సందులోంచి బయలుదేరాడు.

కృపాకర్ అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఫ్లెక్సీ ఏది?" అన్నాడు వైకుంఠం.

"కట్టేసిన అన్నా. గల్లీ మొగల. పొద్దుగాల ఆరింటికే నిచ్చెనేసి నేనే కట్టిన."

కృపాకర్‌ది మొదటినుంచీ అదే పద్ధతి. గల్లీవాళ్ళ పుట్టినరోజైనా చావైనా, అచ్చు వేసిన ఫ్లెక్సీని ఎవరూ అడక్కుండానే తనే తీసుకెళ్ళి గల్లీలోకి తిరిగే మొగలో కట్టేస్తాడు. ముందురోజు ఎవరిదో తెలియని నంబరు నుంచి అంజన్ ఫొటో, 'కన్నీటి నివాళి' అనే మాటా వచ్చాయి. పాపం పది నిమిషాలు ఏడ్చి పనిలోకి దిగాడు.

"పంపినోళ్ళకు పేరు గూడ తెల్వది అన్నా. ప్రతాప్ అని రాసిండ్రు. నేనే అంజన్ అని మార్చిన. కింద ఫొటోలు గూడ లేకుండె. గట్ల ఒట్టిగ కడితే మన గల్లీ ఇజ్జత్ ఏం గావాలె? బోనాల ఫ్లెక్సీలకెల్లి మనోళ్ళ ఫొటోలు తీసి పెట్టిన."

ప్రతాప్ అంటే సినిమాలో పాటగాడి పేరు. వైకుంఠం తల పట్టుకున్నాడు. "అరే కృపాకర్! నా కొడుకు బతికే ఉన్నడురా! గాడ కూసొని చాయ్ తాగుతుండొచ్చు!"

కృపాకర్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "గంతే అన్నా. మన మనసుల ఎప్పటికి బతికే ఉంటడు."

వైకుంఠం గల్లీ మొగకు పరుగెత్తాడు. పదడుగుల ఫ్లెక్సీలో అంజన్ నల్లకళ్ళద్దాలతో నవ్వుతున్నాడు. కింద 'కీ.శే. అంజన్' అని ఉంది. దాని కింద వరసగా పద్నాలుగు ఫొటోలు. అందరూ బోనాల నాటి తలపాగాలతో, పసుపు పూసుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. మొదటి ఫొటో వైకుంఠానిదే. రెండు చేతులూ పైకెత్తి ఎగురుతున్నాడు. అప్పటికే సగం దుకాణాల షట్టర్లు దిగిపోయాయి.

పక్కనున్న స్టూలు లాగి, ఎక్కి తాడు విప్పబోయేసరికి నలుగురు పట్టుకుని కిందికి దించారు. "సంభాలించుకో వైకుంఠం భాయ్," అన్నారు.

"ఏం సంభాలించుకునుడు? వాడు సావలే! ఇది సినిమా ఫ్లెక్సీ!"

వైకుంఠం ఇంటి మేడమీద అద్దెకుండే ఆదిశేషయ్య ముందుకొచ్చాడు. ఆయనది రాజమహేంద్రవరం వైపు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. అంజన్ పాటల చప్పుడు భరించలేక మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన మనిషి. "చూడండి వైకుంఠం గారూ, మొదట్లో మనసు ఒప్పుకోదండి. మా పెదనాన్నగారు పోయినప్పుడు మా నాన్నగారూ ఇలాగే అన్నారండి," అని, జేబులోంచి కాగితం తీసి సంతాప తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. అందులో అంజన్ సౌమ్యుడనీ మితభాషి అనీ ఉంది.

వైకుంఠానికి ఒక ఉపాయం తోచింది. గేటు దగ్గర ఫోన్లు లాక్కుంటారన్న సంగతి మరిచి, ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, అందరూ వినేలా కొడుక్కి కలిపాడు. 'మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు' అంది ఫోను. గల్లీ మొత్తం గొల్లుమంది.

అంతలో సావిత్రి వచ్చింది. కన్నతల్లి, పొద్దున కొడుక్కి ఉప్మా పెట్టి పంపిన మనిషి, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? "సావిత్రీ! నువ్వు జెప్పు వీళ్ళకు!" అన్నాడు వైకుంఠం. సావిత్రి తలెత్తి ఫ్లెక్సీ చూసింది. బతికున్న బిడ్డ పేరుకు ముందు ఆ రెండక్షరాలు ఉండడమే ఆమెకు పెద్ద అపశకునం. "అయ్యో నా కొడుకా! ఎవని దిష్టి తాకిందిరా!" అని రోడ్డు మీదే కూలబడింది. ఇక ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు. తెరిచి ఉన్న సగం షట్టర్లూ దిగాయి.

ఆ ఏడుపుల మధ్యలోంచి ఒక గొంతు లేచింది. "నా ఫొటో ఏది?"

పక్కింటి రుక్మాబాయి. డాబా మీద ర్యాప్ సాధన చేస్తున్న అంజన్ నెత్తిన రెండుసార్లు బకెట్టు నీళ్ళు గుమ్మరించిన ఇల్లాలు. "ఆరేండ్ల సంది రోజు పొద్దుగాల నా చెవులనే పాడిండు పోరడు. గీ పద్నాలుగు మంది ఫొటోలున్నయ్, నాది లేదా?"

"నీ ఫొటో నా తాన లేకుండె అక్కా," అన్నాడు కృపాకర్.

"గీళ్ళల్ల ఒక్కరికన్న వాని పాట వస్తదా? నాకొస్తది!" అని ఆమె బొంగురు గొంతుతో, చెయ్యి ఊపుతూ అందుకుంది.

"ఇత్తడి బిందె కొట్టి జూస్తడు మా బాపు,
సప్పుడు మంచిగుంటే సాలంటడు.
బిందె సప్పుడు ఇంటడు మా బాపు,
నా సప్పుడు ఎప్పుడింటడు?"

రెండోసారికి కిరాణా దుకాణం వాళ్ళు కలిశారు. మూడోసారికి ఆదిశేషయ్య కూడా కాగితం మడిచి, తలూపుతూ పెదాలు కదిపాడు. అందరికీ వచ్చు. గల్లీలో ఆ పాట రాని మనిషి వైకుంఠం ఒక్కడే. ఆరేళ్ళుగా తలుపులు మూసుకుని తిట్టిన లొల్లిలో ఉన్నది తనేనని అతనికి ఇప్పుడే తెలిసింది. కొడుకు చావలేదని అతనికి బాగా తెలుసు, అయినా కళ్ళు తడిశాయి.

గడియారం చూసుకున్నాడు. ఈ ఓదార్పుల్లోనే పదిన్నర అయింది. ఇక వీళ్ళకు నిజం చెప్పి లాభం లేదని అర్థమైంది.

"సరే," అన్నాడు కళ్ళు తుడుచుకుని. "సంతాపసభ యాకుత్‌పురాల పెట్టిండ్రు. పదకొండింటికి. ఫ్లెక్సీ ఆడికి పోవాలె. వచ్చెటోళ్ళు రండి."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. నిమిషంలో ఫ్లెక్సీ దిగింది. తొమ్మిది ఆటోల్లో గల్లీ కదిలింది.

యాకుత్‌పురాలోని ఆ పాత ఇంటి ముంగిట్లో డైరెక్టర్ రాగసుధ అప్పటికే విసిగిపోయి ఉంది. కూలికి వచ్చిన జనం పొడికళ్ళు తుడుచుకుంటున్నారు, గోడ బోసిగా ఉంది. "ఇంక తీసేద్దాం ఈ సీను," అని ఆమె అంటుండగానే గేటు తోసుకుని లాల్‌దర్వాజా లోపలికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే కృపాకర్ నిచ్చెన వెతుక్కుని ఫ్లెక్సీ కట్టాడు. ఆడవాళ్ళు కూర్చుని ఏడ్చారు. రుక్మాబాయి పాట ఎత్తుకుంది. రాగసుధ కెమెరా తిప్పమని వేలితో సైగ చేసింది.

తన పాట ఎవరు పాడుతున్నారో చూద్దామని అంజన్ చాయ్ గ్లాసుతో వెనకనుంచి వచ్చాడు. పాట ఆగిపోయింది.

"సచ్చినోడా!" అంది రుక్మాబాయి. "బతికే ఉన్నవా?" ఒక్కటి చరిచి, వెంటనే గట్టిగా కావలించుకుంది. సావిత్రి పరుగెత్తుకొచ్చి కొంగుతోనే దిష్టి తీసేసింది.

వైకుంఠం మెల్లగా కొడుకు ముందుకు వచ్చాడు. అరుస్తాడేమోనని అంజన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వైకుంఠం చెయ్యెత్తి, కొనేవాళ్ళ ముందు ఇత్తడి బిందెను కొట్టి చూపించేటప్పటిలాగే, వేలి కణుపుతో కొడుకు ఛాతీ మీద రెండుసార్లు కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"సప్పుడు మంచిగుంది బిడ్డా," అన్నాడు, అని ఏడ్చేశాడు.

"కట్!" అంది రాగసుధ. ఆమె కూడా ఏడుస్తోంది. తండ్రీకొడుకుల ఆ చివరి ముక్కను పాటగాడు బతికున్నప్పటి జ్ఞాపకంగా వాడుకుంటానంది. అలా ఐదు సినిమాల్లో మొదటిసారి అంజన్ ప్రాణంతో కనిపించే సీను ఒకటి దొరికింది. ఫ్లెక్సీని మార్చొద్దంది, సినిమాలో పాటగాడి పేరే అంజన్ అని మార్చేసింది. తర్వాత వైకుంఠం వైపు తిరిగి, "తండ్రి వేషం మీరే వేయాలండి. ఇంకో ఇరవై రోజుల పని ఉంటుంది," అంది. వైకుంఠం కాదనలేదు.

ఇరవై రోజులు గిన్నెల దుకాణం ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చింది. ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. మర్నాటినుంచి వైకుంఠం కారులో షూటింగుకు వెళ్తున్నాడు, అంజన్ దుకాణంలో కూర్చుని బిందెలు కొట్టి చూపిస్తూ కొత్త పాట కడుతున్నాడు.

వారం తిరక్కుండానే కృపాకర్ గల్లీ మొగలో ఇంకో ఫ్లెక్సీ కట్టాడు. 'వెండితెరకు పరిచయమవుతున్న మన వైకుంఠం అన్నకు శుభాకాంక్షలు.' ఈసారి కింది వరసలో రుక్మాబాయి ఫొటో అందరికంటే ముందుంది, ఆదిశేషయ్యది కళ్ళజోడుతో సహా ఉంది. చివరన అంజన్ ఫొటో. దాన్ని కృపాకర్ పాత ఫ్లెక్సీలోంచి పేరుతో సహా తీసుకున్నాడు, అందుకని ముందున్న 'కీ.శే.' కూడా అలాగే వచ్చింది.