రిఫరీ గారికి పాలు పడ్డాయి

ఆ బుధవారం పొద్దున డోరికా చేసుకున్న ఏర్పాట్లలో ఆమె భర్త లైసన్‌కు ఒక్కటే పని ఉంది. చిసాంబో ఆసుపత్రికి వచ్చి, శిక్షణ జరిగే గది తలుపు సరిచేసి, వెళ్లిపోవడం. అతను వడ్రంగి. శనివారాల్లో మాత్రం మీసం దువ్వుకుని, ఈల మెడలో వేసుకుని, సరస్సు ఒడ్డున జరిగే ఫుట్‌బాల్ పోటీలకు రిఫరీగా నిలబడేవాడు. ఊరి జనంలో సగం మంది ఒక వారం, మిగతా సగం మరో వారం అతన్ని తిట్టేవారు.

డోరికా పురుళ్లు పోసే నర్సు. బిడ్డలకు పాలు పట్టడంలో బాలింతలకు ఎలా సాయపడాలో రాజధాని లిలోంగ్వే వెళ్లి నేర్చుకుని వచ్చింది. ఇప్పుడు అదే పని ఇక్కడి నర్సులకు నేర్పుతోంది. మొదటిరోజు పాఠమంతా ఒకే మాట చుట్టూ నడిచింది. తల్లిని ముందు అడగాలి, ఆమె చెప్పేది పూర్తిగా వినాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. నర్సులు తలలూపారు. కొందరు ఊపిన తల మళ్లీ ఎత్తకుండా కునుకు తీశారు.

రెండోరోజు నిజమైన తల్లులతో సాధన చేయించాలని ఊరంతా కబురు పెట్టింది. ఒక్కరూ రాలేదు. కారణం ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఆసుపత్రిలో పాతకాలపు నర్సు ఫలేసి ఉంది. ఊళ్లో చాలామంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్లే. ఆవిడ హస్తవాసి మంచిది, నోరు మాత్రం మంచిది కాదు. పురిటినొప్పుల్లో ఉన్న ఆడవాళ్లు కూడా ఆవిడ అడుగుల చప్పుడు వింటే అరుపు మింగేసేవాళ్లు. బిడ్డకు పాలు చాలడం లేదని వెళ్లి ఆవిడతో తిట్లు తినేకన్నా, ఇంట్లో కూర్చుని ఏడవడమే నయమని తల్లులు అనుకున్నారు.

సరే, తల్లి వేషం ఎవరితోనైనా వేయిద్దామనుకుంది డోరికా. ఒప్పుకున్న ఒక్క నర్సునూ కాన్పు ఉందని పురిటి గదికి పిలిచారు. మిగతావాళ్లు సిగ్గుపడి గోడకు అతుక్కుపోయారు. సరిగ్గా అప్పుడే లైసన్ సుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఇలా వచ్చి కూర్చోండి," అంది డోరికా.

"తలుపు బిగించాలిగా."

"తలుపు ఎక్కడికీ పోదు. మీరు తల్లి."

లైసన్ వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు. "నాకు మీసాలున్నాయి," అన్నాడు.

"బిడ్డకు మీసాలతో పనేముందయ్యా, కూర్చో," అంది ఫలేసి.

ఆవిడే అతని తలకు గుడ్డ చుట్టి, వెనకాల ముడి వేసింది. నడుముకు ఆడవాళ్లు కట్టుకునే చితెంజె గుడ్డ చుట్టారు. గుండె మీద డోరికా స్వయంగా కుట్టిన గుడ్డ రొమ్ములు కట్టారు. ఒకదాని వంక కాసేపు అనుమానంగా చూసి, లైసన్ భార్య చెవిలో గొణిగాడు.

"ఇది నా మేజోడు."

"తర్వాత మాట్లాడదాం."

"రెండోదేదీ?"

"రెండో పక్క ఏముందో చూసుకోండి."

ఒళ్లో బొమ్మను పెట్టారు. ఫలేసి ఎదురుగా స్టూలు మీద కూర్చుని నర్సు పాత్ర మొదలుపెట్టింది. నిజానికి అందులో పాత్రేమీ లేదు.

"ఏమమ్మా, బిడ్డ ఎందుకలా ఏడుస్తున్నాడు?"

"తెలీదండీ," అన్నాడు లైసన్, భార్య నేర్పినట్టే.

"తెలీదా? కన్నదానివి నీకు తెలీకపోతే ఆ సరస్సులో చేపలకు తెలుస్తుందా? ఇంత ఒళ్లు పెంచావే, పసిగుడ్డుకు గుక్కెడు పాలివ్వలేవూ? వాడి మెడ అలా వేలాడేశావేం, మేకపిల్లనుకున్నావా? నీలాంటిదానికి బిడ్డలెందుకు?"

లైసన్ ఇంతకన్నా ఘోరమైన మాటలు ప్రతి శనివారం వినేవాడు. కానీ అవి దూరం నుంచి వచ్చేవి, అతను నిలబడి ఉండేవాడు, మెడలో ఈల ఉండేది. ఇప్పుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో బిడ్డ ఉంది. అది బొమ్మే, కానీ దాని మెడ నిజంగానే వేలాడుతోంది. తను చెడ్డ తల్లినేమో అన్న అనుమానం అతని మనసులో ఎక్కడో నాటుకుంది. ముక్కు ఎగబీల్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఫలేసి అయోమయంగా చూసింది. తిట్లు తిన్న తల్లులు తల దించుకుంటారు. అందుకే ఆవిడ వాళ్ల ముఖాలు ఎప్పుడూ సరిగా చూడలేదు. లైసన్ పొడుగు మనిషి. తల దించినా ముఖం కనిపిస్తూనే ఉంది.

"ఏడుస్తున్నావా?" అంది.

"లేదండీ."

"సరే, సరే. ఏడవకు." ఆవిడ స్టూలు దగ్గరికి జరుపుకుంది. గొంతు తగ్గించింది. "బిడ్డ పొట్ట నీ పొట్టకు తగిలేలా తిప్పుకో. నువ్వు బిడ్డ మీదికి వంగితే నడుం పట్టేస్తుంది. బిడ్డనే నీ దగ్గరికి తెచ్చుకో. నోరు బాగా తెరిచేదాకా ఆగు. ఆ, ఇప్పుడు. ముందు గడ్డం ఆనాలి. అంతే. చూడమ్మా, ఎంత చక్కగా తాగుతున్నాడో. పాలు పడ్డాయి నీకు."

లైసన్ కళ్లు తుడుచుకుని బొమ్మకేసి ఆప్యాయంగా చూశాడు.

ఆ క్షణంలోనే కిటికీ దగ్గరికి సౌలోసి వచ్చాడు. నర్సులకు ఎండుచేపలు అమ్ముకునే మనిషి. తల మీద బుట్టతో లోపలికి చూశాడు. చేపలు కావాలా అని అడగబోయి, అడక్కుండానే వెనక్కి తిరిగి సంత వైపు గబగబా నడిచాడు. మామూలుగా నిదానంగా నడిచే మనిషి.

సౌలోసి అబద్ధాలు చెప్పే రకం కాదు. చూసింది చూసినట్టే చెప్పాడు. కొంప మునిగింది అందుకే.

"రిఫరీ బిడ్డకు పాలిస్తున్నాడు. ఆనందం పట్టలేక ఏడుస్తున్నాడు. పాలు పడ్డాయని ఫలేసమ్మే చెప్పింది, నా చెవులతో విన్నాను."

ఫలేసి పేరు చెప్పాక ఇక అనుమానించడానికి ఏమీ లేదు. ఆవిడ ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. టమాటాలమ్మే ఆడవాళ్లు కాసేపు ఆలోచించి, ఆసుపత్రికి కొత్త మందు వచ్చిందని తేల్చారు. మగవాడికే పాలు పడ్డాయంటే ఆ మందు ఎంత గట్టిదో. కబురు పడవల రేవుకు చేరేసరికి లైసన్ బిడ్డను కన్నాడు కూడా. రేవు జట్టు ఆటగాళ్లు వలలు బాగుచేసుకుంటూ అది విన్నారు.

"అందుకేనా పోయిన శనివారం ఆయన పరిగెత్తలేకపోయింది," అన్నాడు జట్టు నాయకుడు. "కళ్లు కనపడవని నానా మాటలూ అన్నాం. ఒట్టి మనిషి కూడా కాదు, పాపం."

ఊరి చివర ఇంట్లో ఎనెలేసి అనే పెద్దావిడ పొయ్యి మీద మొక్కజొన్న పిండితో పల్చటి జావ కాస్తోంది. కోడలు తియోంగేకు తొలి కాన్పు. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉంది. మొదట గట్టిగా ఏడ్చేది, ఇప్పుడు గొంతు కూడా తగ్గిపోయింది. కోడలికి పాలు లేవని అత్త తీర్మానించింది. ఆ జావ పసిదాని కోసమే. మందు సంగతి చెవిన పడగానే ఆవిడ కుండ దించేసింది.

"లేవే," అంది కోడలితో. "రిఫరీకి పడ్డ పాలు నీకు పడవా?"

ఆసుపత్రి ముందు గోల వినపడేసరికి డోరికా కిటికీలోంచి చూసింది. వీపున బిడ్డలతో ఆడవాళ్లు గుంపుగా వస్తున్నారు. ఆమె గుండె పొంగిపోయింది. తను పంపిన కబురు ఆలస్యంగానైనా పనిచేసింది. పరుగున బయటికి వెళ్లింది.

"రండమ్మా, రండి. మీకోసమే చూస్తున్నాం."

"మందు ఉందా?" అని అడిగిందొకామె.

టీకా మందనుకుంది డోరికా. "ఎందుకు లేదు? అందరికీ ఉంది."

గుంపులోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. వెనకాల ఉన్నవాళ్లు ముందుకు తోసుకొచ్చారు.

"రిఫరీకి ఇచ్చిందే కదా? వేరేది అంటగట్టరుగా?" అంది ఎనెలేసి.

"రిఫరీకేమిచ్చాం?"

"పాల మందు."

డోరికాకు సంగతి అర్థమయ్యేసరికి చేయి దాటిపోయింది. అలాంటి మందేదీ లేదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఇప్పుడే కదా అందరికీ ఉందన్నావు, అన్నారు. మొగుడికైతే పెట్టుకుంది, మనకైతే లేదంటోంది, అన్నారు.

లోపల లైసన్ తలగుడ్డ విప్పుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఫలేసి ముడి వేస్తే ఊడిరాదు. భార్య ఒక్కతే తిట్లు తింటోందని వినపడి, ఉన్నవాడు ఉన్నట్టే బయటికి వచ్చాడు. తలగుడ్డ, చితెంజె, గుండె మీద మేజోడు, చేతిలో బొమ్మ.

"చూడండమ్మా, నాకు పాలు లేవు," అన్నాడు.

"మాకూ లేవయ్యా. అందుకేగా వచ్చాం," అన్నారు వాళ్లు.

ఇంతలో గుంపును చీల్చుకుంటూ అతని అక్క లిగినేతి వచ్చింది. నెత్తిన వేరుశనగ పిండి కలిపిన జావ గిన్నె. బాలింతకు పెట్టేదే. కళ్ల నిండా నీళ్లు.

"తమ్ముడూ, సొంత అక్కకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా? ముందు ఇది తాగు. నుంచోకు, కూర్చో. ఇప్పుడే తిరగకూడదు."

"అక్కా, నేను తలుపు బిగించడానికి వచ్చాను."

"పచ్చి బాలింతవి, నీతో తలుపులు బిగింపిస్తోందా నీ పెళ్లాం?" అని లిగినేతి డోరికా వైపు తిరిగింది.

వెనక నుంచి రేవు జట్టు నాయకుడు టోపీ తీసి, పోయినవారం అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని వేడుకున్నాడు. సంజాయిషీ చెప్పి లాభంలేదని లైసన్ మెట్టు మీద కూర్చుని జావ తాగడం మొదలుపెట్టాడు. జావ బాగుంది.

ఈ గందరగోళం మధ్య ఒక బిడ్డ ఏడ్చింది. ఏడుపంటే ఏడుపు కాదు, పిల్లికూన మూలిగినట్టు సన్నటి చప్పుడు. జనానికి అది వినపడనే లేదు. గుమ్మంలో ఉన్న ఫలేసికి వినపడింది. ఆవిడ మెట్లు దిగి, మనుషులను పక్కకు తప్పిస్తూ తిన్నగా తియోంగే దగ్గరికి వెళ్లింది. బిడ్డ ముఖం చూసింది. ఎండిన పెదవులు చూసింది.

"లోపలికి రా," అంది.

తియోంగే బిడ్డను పొదువుకుని వెళ్లింది. వెనకాలే ఎనెలేసి, నర్సులు, అందరి వెనకా డోరికా. ఇక తిట్లు మొదలవుతాయని డోరికా పంటి బిగువున నిలబడింది. ఫలేసి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. స్టూలు లాక్కుని ఆ పిల్ల ముఖం కనిపించేంత కిందికి కూర్చుంది.

"ఎలా ఉందమ్మా నీకు?" అంది.

ఆ ప్రశ్న ఇంతవరకూ తియోంగేను ఎవరూ అడగలేదు. బిడ్డెలా ఉందని అడిగారు, పాలెందుకు లేవని అడిగారు. ఫలేసి తొందరపెట్టలేదు. అలా ఊరుకుని కూర్చోవడం ఆవిడకు ఎంత కష్టమో చేతుల్లో నలిగిపోతున్న ఆవిడ ఆప్రాన్‌కే తెలుసు.

"నొప్పండీ," అంది చివరికి తియోంగే. "పగుళ్లు. నోరు పెడితే ప్రాణం పోతుంది. అందుకే వెంటనే లాగేస్తాను. లాగేస్తే ఏడుస్తుంది. అత్తకు చెప్పడానికి సిగ్గు."

ఎనెలేసి ఏదో అనబోతే డోరికా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నొప్పి రావడం నీ తప్పు కాదు," అంది ఫలేసి. "బిడ్డ కొసను మాత్రమే పట్టుకుంటోంది. నోరు నిండా పట్టుకోవాలి. చూపిస్తాను."

నెమ్మదిగా కాస్త పాలు పిండించి బిడ్డ పెదవులకు తగిలించింది. బిడ్డను తల్లి పొట్టకు ఆనేలా తిప్పింది. బిడ్డ నోరు తెరవలేదు. ఆగింది. బిడ్డ కాస్త తెరిచింది. ఫలేసి ఇంకా ఆగింది. ఆవలించినంత పెద్దగా తెరవగానే బిడ్డను దగ్గరికి చేర్చింది. తియోంగే కళ్లు గట్టిగా మూసుకుంది, నొప్పి కోసం ఎదురుచూస్తూ. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

గుటక చప్పుడు వినపడింది. ఆగి, మరొకటి. ఆ పైన లెక్కపెట్టక్కర్లేకుండా వస్తూనే ఉన్నాయి. నర్సుల్లో ఒకమ్మాయి ముక్కు తుడుచుకుంది.

ఎనెలేసి మెడ చాచి చూసింది. "ఇంతకీ మందెప్పుడు వేస్తారు సిస్టరమ్మా?"

"వేశాం. మీరు చూస్తూనే ఉన్నారుగా."

"రిఫరీకి వేసిందీ ఇదేనా?"

"ఇదే. ఆయనకు పనిచెయ్యలేదు," అంది ఫలేసి.

ఆ మాట గుమ్మం దాటి బయటికి వెళ్లింది. మందు సీసాలో ఉండదట, పక్కన కూర్చుని చూపిస్తారట, తిట్టరట. చివరి ముక్క నమ్మడానికి చాలామంది కిటికీలోంచి తొంగిచూడాల్సి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ప్రతి నర్సు ముందూ ఒక తల్లి కూర్చుని ఉంది. తియోంగేను రోజూ తీసుకొచ్చి చూపించమని, బిడ్డ బరువు పెరిగేదాకా తన కంటి ముందే ఉండాలని ఫలేసి చెప్పింది. ఎనెలేసి ఒక్క రోజూ తప్పలేదు. బిడ్డ బుగ్గలు నిండాక కూడా వస్తూనే ఉంది, కబుర్ల కోసం.

నెల తిరక్కుండానే సరస్సు అవతలి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తమ నర్సులకూ ఇలాగే శిక్షణ కావాలన్నారు. డోరికా గొంతు సవరించుకుని, ఎప్పుడు రమ్మంటారని అడిగింది.

"మీరు కాదండీ," అన్నారు అవతలివాళ్లు. "తల్లులను పల్లెత్తు మాట అనకుండా ఓపిగ్గా వింటారట కదా, ఒక పెద్దావిడ. ఆవిణ్ణి పంపండి. తిట్టకుండా ఉండడం మావాళ్లకు నేర్పాలి."

డోరికా ఫోను పెట్టేసింది. తర్వాత వెళ్లి ఫలేసికి ఆ మాట చెప్పింది.

ఫలేసి మంచి బట్టలు కట్టుకుని లారీలో డ్రైవరు పక్కన కూర్చుని బయల్దేరింది. గుంత పడిన ప్రతిచోటా అతన్నీ, అతనికి బండి నేర్పినవాణ్ణీ కలిపి తిట్టింది. ఆ శిక్షణ తల్లుల విషయంలోనే గాని డ్రైవర్లకు వర్తించదని ఆవిడ అభిప్రాయం.