కాలు విరిగితే శ్రమకాలంలోనే విరగాలి!

మీరెప్పుడైనా కాలు విరగ్గొట్టుకోదలిస్తే, దయచేసి శ్రమకాలంలోనే విరగ్గొట్టుకోండి! పెళ్లిళ్ల రోజుల్లో విరిగితే మిమ్మల్ని వదిలేసి భోజనాలకు వెళ్లిపోతారు. పరీక్షల రోజుల్లో విరిగితే సొంత పిల్లలే పట్టించుకోరు. అదే ఈస్టరుకు ముందొచ్చే ఈ నలభై రోజుల్లో విరిగిందనుకోండి, మీ గుమ్మం ముందు చెప్పులు విప్పడానికి చోటుండదు.

అనుభవంతో చెబుతున్నాను. శ్రమకాలం మొదలైన బుధవారమే నా ఎడమ కాలు విరిగింది. సీలింగ్ ఫ్యాను తుడవమని మా ఆవిడ ఏడాదిగా అడుగుతోంది. మంచి రోజు కదా, ఏదో ఒక త్యాగం చేద్దామని స్టూలెక్కాను. ఫ్యాను రెక్క మీద దుమ్ము చూసి తుమ్మాను. ఆ తర్వాత జరిగింది నాకన్నా డాక్టరుగారికే బాగా తెలుసు. ఇంటిపని మగవాడి ఒంటికి పడదని మా నాన్న అంటూ ఉండేవాడు. ఆ మాట ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించింది.

సరిగ్గా ఆ ఆదివారమే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక ప్రకటన చేశారు. మాంసం మానేశాం, స్వీట్లు మానేశాం అని చెప్పుకుంటే సరిపోదు, ఈ ఏడు సంఘంలో ప్రతి గ్రూపూ రోగుల్ని దర్శించాలి, దర్శించినట్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాలి అని. మంచి మాట! ఎవరు కాదంటారు? చిక్కల్లా ఏమిటంటే మా సంఘంలో గ్రూపులు ఎక్కువ, రోగులు తక్కువ.

షుగరున్నవాళ్లను రోగుల్లో కలపడానికి లేదు. కలిపితే దర్శించడానికి ఎవరూ మిగలరు. ఆయాసం మామ్మగారు ఎండలు ముదరగానే చక్కగా కోలుకుని కూతురింటికి వెళ్లిపోయారు. కిడ్నీలో రాళ్లున్న ఎలక్ట్రీషియన్ మీద అందరూ ఆశలు పెట్టుకున్నారు గానీ, మొదటి వారంలోనే ఆ రాళ్లు కాస్తా పడిపోయాయి. కాస్త ఆగలేకపోయాడా అని స్త్రీల సమాజం వాళ్లు నొచ్చుకున్నారట.

మిగిలింది నేనొక్కణ్ని! ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమన్నారు. అంతవరకు నేను చర్చిలో ఆఖరి బెంచీ మనిషిని. ముగింపు ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు బండి తీసుకుని వెళ్లిపోయే రకం. అలాంటి నన్ను చీలమండ పైన చిట్లిన ఒక్క ఎముక సంఘానికి మూలస్తంభాన్ని చేసింది.

ఇక చూడండి నా వైభవం! సాయంత్రమైతే చాలు, బెల్లు మోగేది. స్త్రీల సమాజం వచ్చింది. యూత్ వచ్చారు, కట్టు మీద సంతకాలు చేసి, దాంతో సెల్ఫీలు దిగారు. నా మొహం ఒకటి రెండు ఫొటోల్లో పడింది. సండే స్కూల్ పిల్లలు వచ్చి నా కాలివేళ్లు ఒక్కొక్కటే లాగి, అవన్నీ నిజమైనవేనని తేల్చారు. వచ్చిన ప్రతివారికీ అచ్చం నాలాగే కాలు విరిగిన బంధువు ఒకరున్నారు. ఆ బంధువు ఇప్పటికీ కుంటుతున్నాడని చెప్పి, నన్ను ధైర్యంగా ఉండమన్నారు.

అందరిలోకీ తరచుగా వచ్చినవారు మా ఆమెన్ మావయ్యగారు. ఆయన రిటైరైన టికెట్ ఇన్‌స్పెక్టరు. ప్రసంగంలో అయ్యగారు ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా ఆమెన్ అంటారు కాబట్టి ఆ పేరు. ఆయన లేని గ్రూపు లేదు. అందుకని సంఘ పెద్దగా ఒకసారి, బిల్డింగ్ కమిటీ మెంబరుగా ఒకసారి, ఉపవాస ప్రార్థనల కన్వీనరుగా మరోసారి వచ్చారు. ఆయన ప్రార్థన సృష్టి దగ్గర మొదలవుతుంది. భూమండలంలోని దేశాలన్నీ తిరిగి, ప్రభుత్వాలను, బస్సు డ్రైవర్లను, విద్యార్థులను ఆశీర్వదించి, చివరికి నా కాలి దగ్గరికి వచ్చేసరికి ఆ కాలు మొద్దుబారిపోయేది. కళ్లు మూసుకుని ఉంటారు కదా, చేయి కుడికాలి మీద వేసేవారు. నా కుడికాలు ఇంత గట్టిగా ఎప్పుడూ లేదు!

ఇక్కడ మా ఆవిడ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆవిడ క్వయర్‌లో పాడుతుంది. గుడ్ ఫ్రైడే నాడు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఒక్కో మాట తర్వాత ఒక్కో పాట. అయిదోది 'దాహమవుతోంది' అన్న మాట. దాని తర్వాతి పాట మా ఆవిడది. పెళ్లికి ముందు నుంచీ ఆవిడదే. ఏడాది పొడుగునా ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ ఒక్క పాట కోసం మాత్రం శ్రమకాలమంతా సాయంత్రాలు ప్రాక్టీసుకు వెళ్తుంది. దర్శనాలు కూడా సాయంత్రాలే కాబట్టి ఈ ఏడాది వెళ్లలేదు. అయితేనేం? సేవ ఎక్కడ చేసినా సేవే కదా!

పైగా వచ్చినవాళ్లు ఎంత మొహమాటస్థులని! ఒక్కరైనా నోరు తెరిచి ఫలానాది కావాలని అడగలేదు.

"ఏమీ వద్దు వదినగారూ, ఉపవాసం. మీరు అస్సలు కష్టపడకండి" అనేవారు. ఆ తర్వాత కాసేపు ఫ్యాను వైపు చూసేవారు. "టీ అయితే ఫర్వాలేదు లెండి" అనేవారు.

టీ తాగితే ఉపవాసం చెడుతుందా అని మీకు అనుమానం రావచ్చు. మా హాల్లో ఈ విషయం మీద లోతైన చర్చ జరిగింది. ఉపవాసం గట్టి పదార్థాలకే గాని ద్రవాలకు కాదని ఆమెన్ మావయ్యగారు తేల్చారు. మరి బిస్కెట్టు? టీలో ముంచితే అదీ ద్రవమే అన్నారు. ఆ తీర్పు వచ్చాక మా ఇంటికొచ్చే ఉపవాసుల సంఖ్య బాగా పెరిగింది.

చొక్కాల సంగతి కూడా చెప్పాలి. అన్ని ఫొటోల్లోనూ నేను ఒకే చొక్కాలో కనిపిస్తే, అందరూ ఒకేసారి వచ్చి పని కానిచ్చేశారని అనుమానం రాదూ? అందుకని గ్రూపుకొక చొక్కా. పొద్దున ఇస్త్రీ, సాయంత్రం టీ, ఆ తర్వాత కప్పులు. మా ఆవిడకి వేరే వ్యాయామం అవసరం లేకపోయింది. చూశారా, ఒక ఎముక విరిగితే ఇద్దరి ఆరోగ్యం!

ఒకరోజు అయ్యగారే స్వయంగా వచ్చారు. సోఫా అంచున కూర్చుని చక్కని ధ్యానం, అంటే చిన్న ప్రసంగం, చెప్పారు. ఇద్దరు అక్కచెల్లెళ్లున్న ఇంటికి ప్రభువు వెళ్లిన కథ. ఒకావిడ వంటింటి పనుల్లో పడి సతమతమైపోయింది, రెండో ఆవిడ హాయిగా ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది. ఆ రెండో ఆవిడే మంచిది ఎంచుకుందని అయ్యగారు కళ్లు చెమర్చేలా చెప్పారు. ఈ కాలపు స్త్రీలు పనుల్లో పడి కూర్చోవడం మరిచిపోతున్నారని బాధపడ్డారు. ఆ తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మా, నాకు చక్కెర కొంచెం తక్కువ" అన్నారు.

"అలాగే అయ్యగారూ" అంది మా ఆవిడ. ఆమెన్ మావయ్యగారు అలవాటుగా ఆమెన్ అన్నారు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గర పడుతుండగా క్వయర్ వచ్చింది. క్వయర్ లీడరు లెక్కల మాస్టారు. పాటలో ఏ గొంతు ఎక్కడ తగ్గిందో కూడికలు తీసివేతలతో చెప్పగలరు. నాకు ఓదార్పుగా గుడ్ ఫ్రైడే పాటలన్నీ పాడారు. దాహం పాట వచ్చేసరికి బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి ముందుకొచ్చింది. బాగానే పాడింది గానీ, పైస్థాయికి వెళ్లే చోట గొంతు జారింది. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి ఆ స్వరం, ఆ ఒక్కటే, తిన్నగా వచ్చి హాల్లో నిలబడింది. అందరూ ఒక్క క్షణం ఆగారు. మాస్టారు గోడ వైపు చూశారు.

మా ఆవిడ ట్రేతో బయటికి వచ్చింది. "మాస్టారూ, ఈసారి నా పాట..." అంది.

"వదినగారూ, మీకు తెలియనిదేముంది? ప్రాక్టీసుకు రానివాళ్లకి పాట లేదు. రూలు రూలే" అన్నారు మాస్టారు, ఆవిడ ట్రేలోంచి కప్పు తీసుకుంటూ. "అయినా మీరిక్కడ చేస్తున్న సేవ తక్కువా!"

"సరే మాస్టారూ" అంది మా ఆవిడ. "టీ ఇంకాస్త పొయ్యనా?"

ఆ 'సరే' నాకు నచ్చలేదు. పెళ్లయినప్పటి నుంచి వింటున్నాను, ఆ 'సరే' తర్వాత మంచి జరిగిన గుర్తు లేదు. వాళ్లు వెళ్లాక సింకులో కప్పుల చప్పుడు మామూలు కన్నా గట్టిగా వినిపించింది. నేను కట్టు వైపు చూసుకుంటూ ఉండిపోయాను. రోగిని కదా!

గుడ్ ఫ్రైడే రానే వచ్చింది. మధ్యాహ్నం ఆరాధన వేళకు మా ఆవిడ తెల్లబట్టలు కట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాను.

"పాడ్డానికి."

"మాస్టారు లేదన్నారుగా?"

"లేదన్నది ఆయన. నేను కాదు."

"మరి ఎవరైనా వస్తే? టీ పొడి ఎక్కడుంటుంది?"

ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగింది. "వెతికేవాళ్లకి దొరుకుతుందని చర్చిలో ఎన్నిసార్లు వినలేదు మీరు? వెతుక్కోండి" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఆ రోజు ఎవరు వస్తారులే అనుకున్నాను. చర్చి మా వెనక వీధిలోనే. మైకులో మొదటి మాట, రెండో మాట వింటూ కునుకు తీశాను. నాలుగో మాట అయిందో లేదో, బెల్లు! పురుషుల సహవాసం, అదే, మా సంఘంలో మగవాళ్ల గ్రూపు! ఈస్టరు ఆదివారం దర్శనాల రిపోర్టు చదవాలి, వాళ్ల ఫొటో ఒక్కటే తక్కువైందట. పాట సందులో ఒక్కొక్కరే జారుకుని వచ్చారు. ముందు నిలబడ్డది ఎవరో చెప్పక్కర్లేదు.

"అమ్మాయి ఇంట్లో లేదా?" అన్నారు ఆమెన్ మావయ్యగారు కంగారుగా. నా కాలు విరిగిందని విన్నప్పుడు కూడా ఆయన అంత కంగారుపడి ఉండరు.

"చర్చికి వెళ్లింది."

"అయ్యయ్యో! పర్లేదు, పర్లేదు. మాకేమీ వద్దు, ఉపవాసం." అందరూ సోఫాలో సర్దుకున్నారు. ఫ్యాను వైపు చూశారు. "టీ అయితే..."

చంకకర్రలు అందుకుని లేచాను. "మీరు కష్టపడకండి" అన్నారు అందరూ ఒక్క గొంతుతో, కూర్చున్న చోటి నుంచే.

మా వంటిల్లు అంత పొడుగ్గా ఉంటుందని నాకు తెలీదు. పాలు దొరికాయి, పొయ్యి మీద పెట్టాను. డబ్బాలు తెరిస్తే ఒకదాంట్లో బొత్తాలు, ఒకదాంట్లో రబ్బరు బ్యాండ్లు. సింకు నిండా కప్పులు. నా కోసం ప్రార్థించిన ప్రతి పెదవీ తాకిన కప్పులే. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. హాల్లో అనుకునే ప్రతి మాటా వంటింట్లోకి వినిపిస్తుంది. వంటింట్లోంచి హాల్లోకి మాత్రం టీ ఒక్కటే వెళ్తుంది.

మైకులో అయిదో మాట ముగిసింది. మైకు దగ్గర ఏదో అలికిడి. తర్వాత పాట మొదలైంది.

అది బ్యాంకు అమ్మాయి గొంతు కాదు. ఇన్నాళ్లుగా మా ఇంట్లో 'చక్కెర సరిపోయిందా' అని తప్ప ఇంకో మాట పలకని గొంతు అది. పైస్థాయి దగ్గర ఎక్కడా తడబడలేదు. అక్కడ కాస్త ఎక్కువసేపే నిలిచింది. గొప్పగా పాడింది, గర్వంగా అనిపించింది, సిగ్గుగా కూడా అనిపించింది. చంకకర్ర మీద ఆనుకుని అలాగే ఉండిపోయాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"ఎవరయ్యా ఆ పాడేది?" అన్నారు హాల్లోంచి ఆమెన్ మావయ్యగారు. "ఎంత బాగా పాడుతోందో! ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఏమిటో!"

మా ఆవిడ తిరిగొచ్చేసరికి వాళ్లు ఫొటో దిగి వెళ్లిపోయారు. పొయ్యి చూసింది, నన్ను చూసింది.

"మాస్టారేమీ అనలేదా?" అన్నాను.

"నన్ను చూసి ఆ పిల్లే పక్కకి జరిగింది. మాస్టారు నోరు తెరిచేలోపు నేను తెరిచాను" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆ హాల్లో ఆవిడ కూర్చోవడం చూశాను. "వచ్చే ఏడు ఫ్యాను నేనే తుడుస్తాను. నేనే పడతాను. టీ మీరు పెడుదురుగాని."

ఈస్టరు ఆదివారం చర్చిలో రిపోర్టు చదివారు. రోగుల దర్శన సేవ అద్భుతంగా జరిగిందన్నారు, చప్పట్లు. ప్రతి గ్రూపునూ పేరుపేరునా అభినందించారు. సహకరించినందుకు నాకూ, నా కాలికీ కృతజ్ఞతలు చెప్పారు. ఫొటోలన్నీ తెర మీద వేశారు. రంగురంగుల చొక్కాల్లో నేను, చుట్టూ ఆనందంగా సంఘం. ప్రతి ఫొటోలోనూ ఒక అంచున, ట్రే పట్టుకున్న ఒక చేయి. ఆ చేయి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. క్వయర్ వరుసలో నిలబడి మా ఆవిడ కూడా చూసింది.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, దర్శన సేవ గొప్ప దీవెన! ఎవరేమన్నా నా మాట మార్చుకోను. వచ్చే శ్రమకాలంలో కూడా మా ఇంటికి తప్పకుండా రండి, కాళ్లు బాగున్నా సరే రండి. తలుపు తీసే ఉంటుంది. టీ పొడి పై అరలో, బొత్తాల డబ్బా వెనక ఉంది. చక్కెర దాని పక్కనే. తాగిన కప్పు ఎవరిది వాళ్లు కడిగి బోర్లించండి. పాలు పొంగుతాయి, దగ్గరుండి చూసుకోండి. మా ఆవిడ ఇంట్లో ఉండదు. ప్రాక్టీసుంది.