తుమ్ముకు చిక్కిన పేరు

ఆదివారం పది గంటలకు మనవడికి పేరు పెట్టాలి. ఈలోగా ఆవు పాలు పిండి, గడ్డం గీసుకుంటే చాలు, ఇక పనేమీ లేదనుకున్నాడు కిప్రుగుట్. ముప్పై ఏళ్లు టెలిఫోను స్తంభాలెక్కి దిగిన మనిషి. కప్సబెట్ చుట్టుపక్కల తీగ ఎక్కడ తెగినా ఇంట్లో కూర్చునే చెప్పగలనని ఆయన నమ్మకం.

వాళ్ల తెగలో బిడ్డ ముందు పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకు బిడ్డ తుమ్మితే ఆ మనిషి తిరిగి వచ్చినట్టు. తుమ్ము ఆలస్యమైతే ముక్కు దగ్గర చిటికెడు ముక్కుపొడి పెట్టడం తప్పు కాదు. బిడ్డేమో దూరాన సముద్రపు ఒడ్డున మొంబాసాలో ఉన్నాడు, పేర్లు పిలవవలసిన పిన్ని తబుతనీ తుంటి నొప్పితో ఇక్కడ ఉంది. అందుకని వీడియోలో కానిద్దామన్నారు. కిప్రుగుట్‌కు కావలసింది ఒక్కటే, తన తండ్రి బిరెచ్ ఇంటికి తిరిగి రావాలి. అంత పెద్ద పనిని పసివాడి ముక్కుకు వదిలేసే రకం కాదాయన. ముందురోజే కొడుకు కిమెలికి ఫోను చేశాడు.

"మీ తాత పేరు రాగానే నేను చెయ్యెత్తుతా. నువ్వు ముక్కుపొడి అందించు."

"అలా చెయ్యొచ్చా నాన్నా?"

"తుమ్మేది వాడే కదరా."

పిన్నికీ ఒక మాట చెప్పాడు, సావె చిన్నాన్న పేరెత్తవద్దని. సావె ఆమె మొగుడే. అన్న బిరెచ్ ఎద్దును అమ్ముకుని తాగేసి, పలుపుతాడు మాత్రం భద్రంగా తెచ్చి ఇచ్చినవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన పోయి నలభై ఏళ్లయినా ఏ బిడ్డ దగ్గరా ఎవరూ ఆ పేరు పలకలేదు. "సరేలేరా" అని ఊరుకుంది పిన్ని.

తొమ్మిదిన్నరకు నెట్ పోయి రౌటర్ మీద ఎర్రదీపం వెలిగింది.

"కంపెనీకి ఫోను చెయ్యవయ్యా" అంది భార్య తాప్సుబెయ్.

"వాళ్లు పుట్టకముందే లైన్లు లాగినవాణ్ని. నాకు చెప్పేదేముంది?"

ఆపి వేశాడు, వేసి ఆపాడు. లాభం లేకపోయింది. వెనక సన్నటి రంధ్రం కనబడితే భార్య అల్లికల సూదితో పొడిచాడు. దాంతో రౌటర్ పాస్‌వర్డుతో సహా సర్వం మరిచిపోయింది. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న పాత పాస్‌వర్డును మొగుడూపెళ్లాలు ఒకే కళ్లజోడుతో వంతులవారీగా చదివేసరికి పదైంది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

"సిమ్ముకు దుమ్ము పట్టింది" అని తేల్చి, దాన్ని బయటికి లాగి గట్టిగా ఊదాడు. అది ఎగిరి, పేరు ఖాయమయ్యాక తాగుదామని మూత తీసి ఉంచిన ముర్సిక్ సొరబుర్రలో పడింది. పులియబెట్టిన ఆ పాలన్నీ గిన్నెలోకి వంపి వెతికారు. సొరబుర్ర లోపల రుచికోసం రాసిన బొగ్గుపొడి తప్ప ఏమీ కనిపించలేదు.

"పాలు కుదిరాయి గానీ, ఈ మీగడేమిట్రా ఇంత గట్టిగా ఉంది?" అంటూ, గిన్నెలోంచి ఒక గుక్క తాగిన పిన్ని నోట్లోంచి సిమ్ము తీసి ఇచ్చింది.

తుడిచి పెట్టినా దీపం మారలేదు. ఇక మిగిలింది ఎత్తున పెట్టడమే అన్నాడు కిప్రుగుట్. టవరున్న కొండ గొడ్లపాక వైపుంది. పొడుగాటి కరెంటు తీగ లాగి, పాక చూరుకు నిచ్చెన వేసి, రౌటర్‌తో ఎక్కాడు. పిన్నిని కుర్చీతో సహా తెచ్చి ఆవు పక్కన కూర్చోబెట్టి, ఫోనును ఆమె ఎదురుగా గుంజకు ఆనించారు. పిన్ని భుజం వెనక నిచ్చెన, నిచ్చెన మీద కిప్రుగుట్ కూడా అందులో కనబడేటట్టు సర్దింది తాప్సుబెయ్.

పచ్చదీపం వెలిగింది. పిన్ని గొంతు సవరించుకుని రెండు పేర్లు పిలిచిందో లేదో, ఫోనులో కోడలు నోరు తెరిచి ఉండగానే బొమ్మ బిగుసుకుపోయింది.

"లైను పోయింది పిన్నీ. ఇప్పుడు నువ్వేమన్నా ఎవరికీ వినబడదు" అని కిప్రుగుట్ ఇంకో మెట్టెక్కాడు.

పిన్ని కాసేపు ఆ బొమ్మనే చూసింది. ఎలాగూ ఎవరికీ వినబడదు కదా అని మెల్లగా అంది: "సావే, అక్కడ ఉన్నావా?"

సరిగ్గా అప్పుడే కిప్రుగుట్ రౌటర్‌ను ఒంటిచేత్తో ఆకాశంలోకి ఎత్తిపట్టాడు. సరిగ్గా అప్పుడే లైను వచ్చింది. మొంబాసాలో కిమెలికి ఒక పేరు వినబడింది, నాన్న ఎత్తిన చెయ్యి కనబడింది. బుద్ధిమంతుడు, చెప్పినట్టే ముక్కుపొడి అందించాడు. పసివాడు ఒళ్లంతా అదిరేలా తుమ్మాడు. అక్కడి ఆడవాళ్లు కేరింతలు కొట్టారు.

"సావె తాత వచ్చాడు నాన్నా. సరిగ్గానే చేశానా?"

కాదని చెప్పడానికి కిప్రుగుట్ నోరు తెరిచాడు. ఒక్కమాట అంటే పేర్లు మళ్లీ మొదటి నుంచి పిలవవచ్చు. కిందికి చూశాడు. పిన్ని రెండు చేతులతో ఫోను పట్టుకుని ఏడుస్తోంది.

"నేను పిలవలేదురా, ఊరికే పలకరించాను. ఒక్కసారి పలకరిస్తే వచ్చేశాడు."

కిప్రుగుట్‌కు తండ్రి గుర్తొచ్చాడు. అయినా పిన్ని ముఖంలో అంత వెలుగు ఆయన ఎన్నడూ చూడలేదు.

"సరిగ్గానే చేశావురా" అన్నాడు కొడుకుతో.

మధ్యాహ్నం ఆయన రౌటర్‌ను పాక కప్పుకు తాడుతో కట్టేస్తూ ఉండగా కంపెనీ మనిషి ఫోను చేశాడు.

"పొద్దున కొండ మీద టవరు చెడిపోయింది సార్, పదిన్నరకు బాగుచేశాం. మీ రౌటర్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని మీరేమీ కదిలించలేదు కదా?"

"ముట్టుకోనైనా లేదు" అన్నాడు కిప్రుగుట్, నిచ్చెన మీద నుంచే.