చెదలు తిన్న విజేత

ఆ రోజు ఉదయం లైబ్రరీ అత్తయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా కాలేజీ చేరాలి. డిబేటింగ్ సొసైటీ పాత రిజిస్టరు ముందు పెట్టుకుని, ఏటా ఇచ్చే కప్పు చరిత్రను ఒక పేజీలో రాసివ్వాలి. మూడింటికి సభలో వెనక వరసలో కూర్చుని, దాన్ని ఎవరో చదువుతుంటే వినాలి. కప్పుకు యాభై ఏళ్లు నిండాయి గనక చరిత్ర ఉండాలని ప్రిన్సిపాల్ గారికి రెండు రోజుల కిందటే తోచింది.

ఆమెను అత్తయ్య అనడానికి చుట్టరికం కారణం కాదు. తిరిగి వచ్చిన పుస్తకాన్ని ఆమె, కొత్తకోడలు తోమిన గిన్నెను అత్తగారు చూసినట్టు, అటూ ఇటూ తిప్పి వెలుతురుకు పెట్టి మరీ చూస్తుంది. ఆ పేరు పెట్టిన పిల్లలు వెళ్లిపోయి ఇరవై ఏళ్లయింది. పేరు మాత్రం ఉండిపోయింది. ఆ లెక్కన, కాలేజీ ఎదుట కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆమె భర్త అందరికీ మామయ్య అయిపోయాడు. నేటి సభలో మామయ్యకు వేదిక మీద, పాత విజేతల వరసలో, కుర్చీ ఉంది.

"ఏమోయ్, ఈ టై బాగుందా, నీలంది కట్టనా?" అన్నాడాయన అద్దం ముందు నిలబడి.

"నీలంది బాగుంటుందండీ."

"అయితే ఇదే కడతాను. కప్పు గెలిచినవాడితో వాదించకు."

ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ప్రతి వాదనా ఆ మాటతోనే ముగిసింది. గోడల రంగు, కూతురి చదువు, కిటికీ తెరవాలా మూయాలా, అన్నిటికీ అదే బ్రహ్మాస్త్రం. అత్తయ్య ఎదురు చెప్పేది కాదు. కప్పు గెలిచిన మనిషికి ఏం చెబుతుంది?

పదిన్నరకు ఆమె రిజిస్టరులో పదహారో ఏడు తెరిచింది. మొదటి స్థానం ఎదురుగా ఎవరిదో పేరుంది. రెండో స్థానం ఎదురుగా ఆమె భర్త పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో ఉంది.

ముందు ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. మూడింటికి ఈ సంగతి మైకులో చదువుతారు. ఆయన టై కట్టుకుని, అందరి ఎదుటా కూర్చుని వింటాడు. ఇక జన్మలో నోరెత్తడు. ఆయన వాదించని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటే, మనుషులు ఖాళీ చేసి వెళ్లిన ఇల్లు కళ్లముందు మెదిలింది. ఆ రిజిస్టరు నిండా వెళ్లిపోయినవాళ్ల పేర్లే. మిగిలిన ఒక్కణ్ణీ తన చేతులతో ఎలా సాగనంపుతుంది?

అత్తయ్య కలం తీసి, బుద్ధి తెలిశాక మొదటిసారి, అబద్ధం రాసింది. "పదహారో ఏటి పుటను చెదలు తిన్నందున విజేత వివరం లభించలేదు." రిజిస్టరును అన్నం సంచిలో గిన్నె కింద దాచింది.

పేజీ టైపు కోసం హెడ్ గుమాస్తా దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "చెదలా? మన లైబ్రరీలోనా?"

"ఒక్క పుటేనండీ. అంతకు మించి ఏం తినలేదు."

"ఒక్క పుట తిని ఊరుకోడానికి అవేమన్నా పథ్యం చేస్తున్నాయా అత్తయ్యగారూ?"

మాట ప్రిన్సిపాల్ గారి గదికి చేరింది. కిందటేడు ఆయన ఇంటి తలుపు చట్రాన్ని చెదలు తినేశాయి. అప్పట్నుంచీ ఆయన కుర్చీని వేలితో రెండుసార్లు కొట్టి, శబ్దం విని గాని కూర్చోడు.

"ఆ పుట చూపించండి మేడం," అన్నాడాయన.

"పొడైపోయిందండీ."

"పొడైనా చూపించండి."

"ఊడ్చేశారండీ."

గుమ్మంలో ఉన్న ఊడ్చే మనిషి చీపురు గోడకు ఆనించింది. "ఎవరమ్మా ఊడ్చింది? ఇవాళ నేను లైబ్రరీ గడపే తొక్కలేదు. మధ్యలో నా పేరెందుకు?"

"చూశారా, మనం ఊడవకుండానే మాయమైంది. ఎంత వేగంగా తింటున్నాయో!" అని ప్రిన్సిపాల్ గారు ఫోను అందుకున్నాడు.

గంటలో పురుగుమందు కొట్టే ఆయన దిగాడు. ఆయన కోరిక మేరకు పదకొండు వేల పుస్తకాలు ఆవరణలోకి వచ్చి ఎండలో కూర్చున్నాయి. ఆయన టార్చి వేసి, చిన్న సుత్తితో ప్రతి బీరువానూ తట్టి చూశాడు. అన్నం సంచిని ఒంటికి అదుముకుని అత్తయ్య ఆయన వెంటే తిరిగింది.

"ఒక్క చెద కూడా కనబడలేదండీ," అన్నాడాయన చివరికి.

అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. "హమ్మయ్య! చూశారా మరి?"

"అదేనమ్మా నా భయం. కనబడే చెదది ఆకలి. కనబడని చెద అంటే కాపురం పెట్టేసినట్టే."

ఆయన అక్కణ్ణుంచి సభామందిరానికి వెళ్లి వేదికను తట్టాడు. బోలుగా మోగింది. లోపల డొల్లగా లేని వేదిక లోకంలో ఎక్కడా ఉండదని అనడానికి అత్తయ్య నోరు తెరిచింది. అప్పటికే ప్రిన్సిపాల్ గారు మందిరానికి తాళం వేయించాడు. చెక్క కుర్చీల మీద కూడా అనుమానం వచ్చింది. మూడింటికి సభ ఆవరణలో, పుస్తకాల గుట్టల మధ్య మొదలైంది. పాత విజేతలు తలా రెండు విజ్ఞాన సర్వస్వాల మీద కూర్చున్నారు. మామయ్యకు దొరికినవి పొట్టి సంపుటాలు కావడంతో ఆయన మోకాళ్లు టైని తాకుతున్నాయి.

ఈ ఏటి కప్పు కోసం ఇద్దరు విద్యార్థులు ముగ్గురు న్యాయనిర్ణేతల ఎదుట పోటీ పడి వాదించి కూర్చున్నారు. తర్వాత డిబేటింగ్ సంఘం కార్యదర్శి చరిత్ర చదివింది. మూడో ఏడాది చదువుతున్న పిల్ల, గొంతు గంటలా ఉంటుంది. పదహారో ఏడు రాగానే ఆగింది.

"పుట పోతే పోయింది, మనిషి మన ముందే ఉన్నాడు! ఆ ఏడు కప్పు గెలిచింది మామయ్యగారేనని ప్రతిపాదిస్తున్నాను. ఎవరు ఖండిస్తారు?"

ఆ సంఘానికి పుట్టినప్పట్నుంచీ ఒక నియమం ఉంది. అక్కడ ఎవరేమన్నా ఇంకొకరు లేచి ఖండించాలి. ఖండన లేని మాట రిజిస్టరుకు ఎక్కదు. చివర్లో ధన్యవాదాలు చెప్పినా ఎవరో ఒకరు లేచి అక్కర్లేదని వాదించాల్సిందే. అంతవరకూ జనం కదలడానికి లేదు.

ఎవరూ లేవలేదు. సగం కాలేజీ ముక్కుల మీదున్న కళ్లజోళ్లు మామయ్య బిగించినవే. ఆయన్ని ఖండించడానికి ఎవరికి నోరొస్తుంది? అత్తయ్య లోలోపల వెయ్యి దణ్ణాలు పెట్టుకుంది. ఇంకో నిమిషం ఎవరూ లేవకపోతే ప్రతిపాదన దానంతటదే పడిపోతుంది, ఆయన పరువు ఆయనకుంటుంది.

అంతలో మామయ్య విజ్ఞాన సర్వస్వం మీంచి లేచాడు. "నేను ఖండిస్తున్నాను."

"మీ గురించేగా మామయ్యగారూ!"

"అందుకే. నా అంత బాగా ఖండించే సాక్ష్యం ఇంకెవరి దగ్గరా లేదు." ఆయన టై వదులు చేసుకున్నాడు. "ఆ ఏడు 'మాట కన్నా మౌనం గొప్పది' అని నేను వాదించాను. పదినిమిషాలిస్తే ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాను. మౌనం మీద అంత మమకారం ఉన్నవాడికి కప్పెవరిస్తారు? ఇక చెదలంటారా. యాభై పుటలుండగా ఏరి కోరి నా పుటే తిన్నాయంటే, వాటికి చదువొచ్చి ఉండాలి."

జనం నవ్వారు. ఆయన ఆగి, చుట్టూ ఉన్న గుట్టలకేసి చూశాడు.

"ఇవన్నీ పొద్దున్నుంచీ ఎండలో ఉన్నాయి. ఎవరైనా ఒక్క చిల్లు చూపించండి. ఈ లైబ్రరీ నా భార్యది. ఆవిడ చేతిలో ఉండగా ఒక పుటకు చెద పట్టిందంటే నేను నమ్మను, ఆవిడే చెప్పినా నమ్మను. ఆ పుట భద్రంగా ఎక్కడో ఉంది. అందులో నా పేరు రెండో స్థానంలో ఉంది. కప్పు నాదని ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంట్లో చెబుతున్నాను. ఖండించని మాట చెల్లదని ఈ సంఘమే నాకు నేర్పింది. ఆవిడ ఒక్కనాడైనా ఖండిస్తుందేమోనని చూశాను. ఖండించలేదు. ఇక నేనే ఖండించుకోవాల్సి వచ్చింది."

అందరి కళ్లూ అత్తయ్య మీదకు తిరిగాయి. ఆమె అన్నం సంచిలోంచి గిన్నె తీసి పక్కన పెట్టింది. తర్వాత రిజిస్టరు తీసింది. పుట చక్కగా, చిన్న మరకైనా లేకుండా ఉంది. పురుగుమందాయన అందరికన్నా ముందు తొంగి చూసి, "చెప్పానా, కనబడవని," అన్నాడు.

న్యాయనిర్ణేతలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. సంఘంలో ఒకసారి చేరినవారు జీవితాంతం సభ్యులే గనకా, ఆ రోజు మాట్లాడినవాళ్లలో తన పక్షాన్ని అంత తిరుగులేకుండా రుజువు చేసినవాడు మరొకడు లేడు గనకా, తానెన్నడూ కప్పు గెలవలేదని నిరూపించినందుకు ఈ ఏటి కప్పు మామయ్యదే అని ప్రకటించారు.

"ఎవరు ఖండిస్తారు?" అంది కార్యదర్శి.

అత్తయ్య గిన్నెను తిరిగి సంచిలో పెట్టుకుని లేచింది.

"నేను."

"చెప్పండి అత్తయ్యా."

"ఈయనకి కప్పు ఇవ్వకూడదు. లేని కప్పుతోనే ముప్పై ఒక్క ఏళ్లు నన్ను ఒక్క మాట నెగ్గనివ్వలేదు. నిజంగా ఉంటే ఇక నా గతేంటి?"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మామయ్యే. న్యాయనిర్ణేతలు ఈ వాదనలో చాలా బలముందని ఒప్పుకుని, ముగ్గురూ కలిసి దాన్ని తోసిపుచ్చారు.

కార్యదర్శి యాభయ్యో పుట తీసి నిదానంగా రాసింది: "విజేత భార్య తీవ్రంగా వ్యతిరేకించినందున బహుమతి చెల్లుబాటయింది."