పసుపుకు రెండు అద్దాలు

ఆర్మూర్‌లో వెలుతురు ఎట్టకేలకు దారికి వచ్చిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఇన్నేళ్లుగా అది ఎవరి అనుమతీ లేకుండా తెల్లారగానే ఊళ్లోకి వచ్చి, కనిపించినవాటి మీదల్లా పడి, సాయంత్రానికి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేది. ఉన్నది ఉన్నట్టు చూపించడం తప్ప దానికి మరో పని చేతకాదు. పసుపు అమ్ముకుని బతికే ఊరికి ఇది ఎంత ఇబ్బందో బయటివాళ్లకు అర్థం కాదు.

మా దగ్గర పసుపు బేరం ఎలా సాగుతుందో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాం. రైతు కుప్ప పోస్తాడు. కొనే సేటు వచ్చి కుప్పలో చేయి పెట్టి, ఒక కొమ్ము తీసి విరిచి లోపలి రంగు చూస్తాడు. చూసి మొహం చిట్లిస్తాడు. రంగు బాగుంటే ఇంకా ఎక్కువ చిట్లిస్తాడు. ఈ విద్యలో మా శ్రీపతి సేటును మించినవారు బాల్కొండ దాకా వెతికినా దొరకరు. మేలు రకం కొమ్ము విరిచినప్పుడు ఆయన మొహం చూసి, ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందేమోనని కొత్తవాళ్లు కంగారుపడతారు. రైతు కూడా ఏమీ తక్కువ తినలేదు. పుచ్చిన కుప్ప ముందు నిలబడి బంగారం అంటాడు. ఇద్దరూ అబద్ధమాడుతున్నారని ఇద్దరికీ తెలుసు. అందుకని కాసేపు అరుచుకుని, నడుమ ఎక్కడో ఒకచోట ఒప్పుకుని, చాయ్ తాగి కాంటా పెట్టించేవారు.

గొడవల్లా వెలుతురు దగ్గరే వచ్చేది. రైతు పొద్దుటి ఎండలో చూడమంటాడు. ఆ ఎండకు ఇటుక పొడి కూడా పసుపులాగే ఉంటుంది. సేటు షెడ్డు మూలకు తెమ్మంటాడు. ఆ చీకట్లో బంగారమైనా బొగ్గే. అటూ ఇటూ మోయలేక హమాలీలు నడుములు పట్టుకున్నారు. వెలుతురు సంగతి ఏదో ఒకటి తేల్చాలని పసుపు వర్తక సేవా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘానికి అధ్యక్షులు దేవిదాస్ సేటు. ఆయన అడ్తిదారు, అంటే రైతుకూ కొనేవాడికీ నడుమ కూర్చుని ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునే నిష్పక్షపాతి.

ఆ సమయానికి హర్ష వచ్చాడు. ధర్పల్లి కుర్రాడు. హైదరాబాద్‌లో కాంతి గురించి పెద్ద చదువు చదివి, సొంతంగా కంపెనీ పెట్టుకున్నాడు. వస్తూ వస్తూ ఒక అద్దం తెచ్చాడు. చూడటానికి కిటికీ అద్దంలాగే ఉంది. కాకపోతే దాని మీద లెక్కలేనన్ని స్తంభాలున్నాయట. ఒక వెంట్రుకను నిలువునా వందల ముక్కలు చీలిస్తే, ఒక్కో ముక్క ఎంతుంటుందో స్తంభం అంతుంటుందట.

"మక్కచేన్ల సాళ్లుంటయి గద సేటు, గట్లనే గీ స్తంభాలు," అని హర్ష విడమరిచి చెప్పాడు. "వెలుతురు గా సందులకెల్లే పోవాలె. స్తంభం లావు, ఎత్తు, నడుమ జాగ మార్చినమనుకో, ఏ రంగు ఎటు పోవాల్నో మనమే చెప్పొచ్చు. రంగు పుయ్యలే, కరెంటు పెట్టలే. ఉత్త అద్దమే."

"కండ్లకు కనబడనియి ఉన్నయని ఎట్ల నమ్మాలె?" అని దేవిదాస్ సేటు అడిగారు.

"పని జేస్తయి గద సేటు."

"అయితే సరే. మా సంఘం సెక్రటరీ గూడ కనబడడు, పని నడుస్తనే ఉంటది."

హర్ష ముందుగా ఒక ప్రదర్శన చేశాడు. ఆ అద్దాన్ని అసలు పసుపు మీద పెడితే పసుపు పసుపుగానే కనిపిస్తుందట, రంగు కలిపిన పసుపు మీద పెడితే పచ్చగడ్డిలా వెలుగుతుందట, తడి ఉన్నచోట నల్ల మచ్చలు తేలతాయట. చెప్పినట్టే అయింది. గడ్డిలా వెలిగిన కుప్ప ఎవరిదో చెప్పడం మా ఉద్దేశం కాదు. అది దేవిదాస్ సేటు గోదాములోదని మాత్రమే చెప్పగలం. నల్ల మచ్చలు తేలిన కుప్పల రైతులు కూడా ఒక్కసారిగా చెప్పుల వైపు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంతలో చాయ్ రావడం అందరి అదృష్టం.

చాయ్ తాగాక సంఘం హర్షకు శాలువా కప్పింది. ఇంత గొప్ప వస్తువు ఇంత చిన్న ఊళ్లో ఉండటం దానికే అవమానమని, దాన్ని ఏ పెద్ద నగరానికైనా తీసుకెళ్లాలని వక్తలు కోరారు. హర్ష మొహం వాడిపోయింది. అద్దాన్ని సంచిలో పెట్టుకుంటుంటే దేవిదాస్ సేటు పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బిడ్డా, వెలుతురు నువ్వు జెప్పినట్టు ఇంటదంటివి. మేం జెప్పినట్టు ఇంటదా?"

"ఎవలు డిజైన్ ఇస్తే వాళ్లు జెప్పినట్టు ఇంటది సేటు."

"గట్లయితే రెండు అద్దాలు జెయ్యి. నడుమల కుప్ప. రైతు దిక్కుకెల్లి జూస్తే బంగారం కొట్టొచ్చినట్టు కనబడాలె. కొనేటోళ్ల దిక్కుకెల్లి జూస్తే జర మట్టి మట్టిగ కనబడాలె. ఇగ ఎవలికీ పంచాతీ ఉండది."

హర్ష కాసేపు పైకప్పు వైపు చూశాడు. కంపెనీలో జీతాలివ్వాల్సినవాళ్లు గుర్తొచ్చారు కాబోలు, సైన్సుకు అసాధ్యమైంది లేదని ఒప్పుకున్నాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. దేవిదాస్ సేటు ప్రసంగం ఊరి చరిత్రలో నిలిచిపోతుంది. "సూర్యునికి రైతంటే తెల్వదు, వ్యాపారి అంటే తెల్వదు. అందరి మీద ఒక్కతీరుగ పడుతడు. గిదేం న్యాయం? నేటి సంది ఆర్మూర్‌ల ఎవలికి గావాల్సిన వెలుతురు వాళ్లకే!" అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. అద్దాలకు దండలు వేశారు. అద్దంలోంచి చూడని పసుపు చూసినట్టు లెక్క కాదని షెడ్డు గోడ మీద రాయించారు.

అద్దాల పేరు ఊరంతా పాకింది. హోటల్ యజమాని ఒకటి చేయించుకున్నాడు. కూర్చున్నవాడి వైపు నుంచి బిర్యానీలో ముక్కలు పెద్దవిగా కనిపిస్తాయి. ప్రైవేటు బడివాళ్లు ఒకటి కొని ప్రోగ్రెస్ కార్డుల బల్ల మీద నిలబెట్టారు. తల్లిదండ్రుల వైపు నుంచి ఎర్రగీతలు కనిపించవు. గల్ఫ్ పంపే ఏజెంటు ఆఫీసులో దుబాయ్ గది ఫొటోకు ఒకటి పెట్టించాడు. ఒక గదిలో ఎందరు పడుకోవాలో అందులో తెలియదు. గుంతలు పడ్డ రోడ్డు కోసం వార్డు పెద్దలు ఒక పొడుగాటి అద్దం అడిగారు కానీ, దాన్ని మోసుకొచ్చే లారీ ఆ గుంతల్లోనే దిగబడింది. ఇవన్నీ అభివృద్ధికి సహజంగా ఎదురయ్యే చిన్న చిన్న అవాంతరాలు.

అసలు విషయానికి వద్దాం. అద్దాలు పెట్టాక మొదటి పెద్ద కుప్ప ఆలూర్ గంగవ్వది. కౌలు చేనులో పండించిన పసుపు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టించి తెచ్చింది. ఈ కుప్ప మంచి ధరకు పోతే వచ్చే ఏడూ ఆ చేను ఆమెదే. పోకపోతే ఆసామి దాన్ని కోళ్ల షెడ్డుకు ఇచ్చేస్తాడు. ఆమెకు వేరే చేను లేదు, వేరే పని రాదు. ఆ సంగతి ఆమె అందరికీ చెప్పింది. అందరూ సానుభూతితో విన్నారు.

గంగవ్వ రైతుల అద్దం దగ్గర నిలబడి తన కుప్ప చూసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. తన పసుపు మంచిదని ఆమెకు ముందే తెలుసు కానీ, ఇంత బంగారమని తెలియదు. అటువైపు శ్రీపతి సేటు కొమ్ము విరిచి, కొనేవాళ్ల అద్దంలోంచి చూశాడు. ఆయన కూడా నిర్ఘాంతపోయాడు. జీవితంలో మొదటిసారి మొహం దానంతటదే చిట్లింది.

"గింత నాసిరకమా అవ్వా? చెరువు మట్టి లెక్క ఉన్నది."

"నీ కండ్లకేమైంది సేటు? ధగధగ మెరుస్తుంటే!"

"ఒట్టు, అబద్ధం జెప్తలేను."

"నేను జెప్తున్ననా మరి?"

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇదివరకు ఇద్దరూ అబద్ధాలు చెప్పేవారు కాబట్టి, చెరో రెండు మెట్లు దిగడానికి ఎవరికీ సిగ్గనిపించేది కాదు. ఇప్పుడు కళ్లారా చూసిన నిజాన్ని ఎలా తగ్గించుకుంటారు? బంగారాన్ని మట్టి ధరకు ఇవ్వడానికి గంగవ్వ ఒప్పుకోలేదు. మట్టిని బంగారం ధరకు కొనడానికి శ్రీపతి సేటు ఒప్పుకోలేదు. ఎన్నో ఏళ్లుగా అబద్ధాల మీద హాయిగా నడిచిన మార్కెట్, నిజాయితీ దెబ్బకు ఒక్క పూటలో ఆగిపోయింది. ఒకరి వెనక ఒకరు రైతులు వచ్చారు, బంగారం చూసుకున్నారు, అమ్మకుండా కూర్చున్నారు. కొనేవాళ్లు మట్టి చూశారు, కొనకుండా కూర్చున్నారు. దేవిదాస్ సేటు ఒక్కరే కుప్పకు వీపు పెట్టి నడుమ కూర్చున్నారు కాబట్టి, ఆయనకు ఏ అనుమానమూ రాలేదు.

రెండో రోజు గంగవ్వ ఆయన దగ్గరకు వచ్చింది.

"సేటు, మీ అద్దాలకు దండం బెడుత. నా పసుపు జర బయట ఎండల పోపియ్యి. అందరం ఒక్క వెలుతురుల జూద్దాం. ఉన్నది ఉన్నట్టు కనబడ్తది, వచ్చిన ధరకు ఇచ్చి పోత."

"ఎండకు మన సంఘంల గుర్తింపు లేదు గంగవ్వా," అన్నారు సేటు ఎంతో ఓపికగా. "రేపు ఎవలన్న కేసేస్తే, ఏ వెలుతురుల జూసినవంటే ఏమని జెప్పాలె?"

గంగవ్వ మళ్లీ ఎండ వైపే చేయి చూపించింది. చట్టం తెలియనివాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే.

షెడ్డు నిండింది. అద్దాల మధ్య వంతు అయిపోయినవాళ్ల కుప్పలు ఆరుబయటికి మార్చారు. గంగవ్వ కుప్ప కూడా అలాగే బయటికి వచ్చింది. ఎండలోకే వచ్చింది కానీ, అప్పుడు దాన్ని చూడటం నిబంధనలకు విరుద్ధం. ఆ సాయంత్రం ఉత్తరం దిక్కున మబ్బు పట్టింది. రైతులు టార్పాలిన్ల కోసం పరుగులు పెట్టారు. గాలికి టార్పాలిన్లు కూడా వాళ్లతోపాటు పరుగులు పెట్టాయి. గంగవ్వ తన కొంగు విప్పి కుప్ప మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుంది. వాన ఆమె మీద నుంచి కుప్పలోకి, కుప్పలోంచి మోరీలోకి పసుపుపచ్చగా పారింది. అది చూసి ఏడుపు రానివాళ్లు లేరు. మేమూ షెడ్డులో నిలబడి చాలా బాధపడ్డాం.

నాలుగు రోజులకు నష్టం అంచనా వేసే అధికారి వచ్చారు. అప్పటికి గంగవ్వ కొమ్ములు నల్లబడి, ముట్టుకుంటే మెత్తగా నలిగిపోతున్నాయి. నష్టం రాస్తే ఎంతో కొంత పరిహారం వస్తుంది, చేను నిలబడుతుంది. ఆమె పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగకుండా ఎదురుచూస్తోంది.

సంఘం అధికారిని సగౌరవంగా తీసుకొచ్చి, శాలువా కప్పి, కూలర్ ముందు కుర్చీ వేసింది. నిబంధన ప్రకారం నల్లబడ్డ కుప్పను అద్దాల నడుమకు మోయించారు. ఏ వైపు కూర్చుంటారని అడిగితే, అధికారి గుండె మీద చేయి వేసుకున్నారు. "నేను రైతుబిడ్డను. పదవి వచ్చినా మట్టిని మరవలేదు. రైతు కళ్లతోనే చూస్తాను," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. కుర్చీ రైతుల అద్దం వైపు జరిపించాం.

ఆయన అద్దంలోంచి చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయి.

"ఎంత పుణ్యాత్మురాలివమ్మా! అంత వానలో తడిసినా నీ పసుపు బంగారంలా మెరుస్తోంది."

"సారూ, అది అద్దం మాయ. కుప్పంత కుళ్లిపోయింది సారూ."

అటువైపు నుంచి శ్రీపతి సేటు కూడా, "నిజమే సార్, గీ దిక్కుకెల్లి జూస్తే బొగ్గు లెక్క ఉన్నది," అన్నాడు. పాపం, ఆయన రైతు పక్షాన నోరు విప్పడం అదే మొదలు.

"కొనేవాళ్లు ఎప్పుడూ ఇలాగే అంటారు," అని అధికారి ఆయన్ని గద్దించారు. "ఇలా చెప్పే కదయ్యా రైతు కడుపు కొడుతున్నారు!" అని, కాగితం మీద నష్టం లేదని రాసి, పెద్ద సంతకం పెట్టారు. మళ్లీ చప్పట్లు మోగాయి.

గంగవ్వ కుప్పలోంచి రెండు చేతులా నల్లటి కొమ్ములు తీసుకుని షెడ్డు బయటికి నడిచింది. వాన వెలిసిన ఆకాశం కదా, ఎండ మండిపోతోంది. ఆ ఎండలో నిలబడి దోసిలి చాపింది.

"సారూ, ఒక్కపారి గీడికి రాండ్రి. నాలుగడుగులే. నా చేతులల్ల సూడుండ్రి. మీరు రాకుంటే పాయె, మీల ఎవలన్న ఒక్కలు రాండ్రి. చేను పోతది నాది."

అధికారి వాచీ చూసుకుని, ఎండలోకి చూసి, నుదురు తుడుచుకున్నారు. దేవిదాస్ సేటు భోజనాలు సిద్ధమయ్యాయని చెప్పారు. శ్రీపతి సేటు లేవబోయి, చెప్పులు కనిపించక కూర్చున్నాడు. తన పని స్తంభాల వరకేనని హర్ష ఫోన్ చూసుకున్నాడు. మేము కూలర్‌ను కొంచెం ఇటు తిప్పుకున్నాం.

ఆమె దోసిలి దించలేదు. మాలో ఒక్కరం వెళ్లి ఉండాల్సింది, నిజమే. కానీ ఎండ చూశారు కదా. ఇంతసేపూ కథంతా మా పక్కనే నీడలో కూర్చుని నవ్వుతూ విన్నారు, మీరు మాత్రం లేచారా?