ముడివేసే ముక్కు

ఆ రోజు ఉదయం ఫిట్టరుగారి పథకం చాలా చిన్నది. ఒకే ఒక్క అబద్ధం ఆడి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి భోంచేయడం.

అబద్ధానికి కారణం లేకపోలేదు. పాతసామాను కొట్టులో తుప్పుపట్టి పడున్న నూరేళ్లనాటి కోతయంత్రాన్ని ఆయన మూడేళ్లు కష్టపడి బతికించాడు. అది పైరు కోసి, పురికొసతో కట్ట కట్టి, పక్కకు విసిరేస్తుంది. ఇంజనూ గింజనూ ఏం లేదు. పెద్ద చక్రం నేలమీద దొర్లితే చాలు, అన్నీ కదులుతాయి. అందులో చిలకముక్కులాంటి ఇనపముక్కు ఒకటుంది. ముడివేసేది అదే. దాన్ని ఎన్నిసార్లు అరగదీశాడో లెక్కలేదు. మొదటి ముడి పడిన రోజున మాత్రం చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

అలాంటిదాన్ని ప్రదర్శనకు పెడతామన్న మ్యూజియం మేడమ్ ఒక ఉత్తర్వు రాసిపెట్టింది. కోసే కత్తులు తీసేయాలి, చక్రం కదలకుండా వెల్డింగు చేయించాలి. కాదూ కూడదంటే యంత్రం మళ్లీ దాని సొంతదారు పాతసామాను కొట్టువాడికే.

"కత్తులంటే సరే. చక్రానికి వెల్డింగా? ఆ చేసేదేదో నా కాళ్లకు చెయ్యమను!" అని ఫిట్టరు ఒంటికాలి మీద లేచాడు.

"ఇక్కడ అరిచి ఏం లాభం? పట్టుకెళ్లకపోతే ఆ కొట్టువాడు కరిగించేస్తాడు," అంది భార్య.

అందుకని ఆయన కత్తులు ఊడదీసి, లప్పం ముద్ద తెచ్చి, చక్రం ఇరుసు దగ్గర అతికించి, మీద వెండిరంగు పూశాడు. చూస్తే అచ్చం వెల్డింగు అతుకే. ఈ సంగతి బావమరిదికి మాత్రం చెప్పలేదు. ఆయనగారి కడుపులో మాట దాగదు.

లారీ వెళ్లేసరికి మ్యూజియం గుమ్మం ముందు వెల్డింగు మేస్త్రీ సరంజామాతో సిద్ధంగా ఉన్నాడు. లోపలిదాకా ఎర్ర తివాచీ, పక్కన తాళ్లు, తాళ్ల వెనక పూలగుత్తులతో జనం. ఫైలు పట్టుకుని మేడమ్.

"మా బావే స్వయంగా వెల్డింగు చేసేశాడు మేడమ్! ఏనుగు తోసినా కదలదు!" అన్నాడు బావమరిది, ఎవరూ అడక్కుండానే.

మేడమ్ వంగి చూసింది. మొహం విప్పారింది. "మీరు ఒప్పుకోరేమో అనుకున్నానండీ. చాలా సంతోషం. ఇక కదలదుగా, ఆ కట్లూ, చక్రాల కింద చెక్కలూ తీసేయండి. నలుగురూ పట్టి కిందికి ఈడ్చేద్దాం."

ఫిట్టరు చప్పున చెక్కల దగ్గరికి వచ్చాడు. చెక్క తీస్తే యంత్రం లారీకి ఆనించిన వాలుబల్ల మీద దొర్లుతుంది. దొర్లుతుందని చెబితే గుట్టు రట్టవుతుంది.

"చెక్కలు ఉండనివ్వండి మేడమ్. బాగున్నాయి చూడ్డానికి."

"చెక్కల్లో బాగేంటి బావా!" అని బావమరిది కట్లు విప్పేసి, చెక్కను ఒక్క తన్ను తన్నాడు.

లప్పం టప్పున ఊడింది. యంత్రం లారీ దిగి తివాచీ మీద పరుగందుకుంది. చక్రం తిరిగింది, పైరును లోపలికి లాగే రెక్కలు లేచాయి. ముందు పక్కనున్న తాడును లాక్కుని కట్ట కట్టి విసిరింది. తర్వాత పూలగుత్తులు. ఆపబోయిన బావమరిది టోపీ, ఎవరిదో గొడుగు, మేడమ్ చేతిలోంచి జారిన ఫైలు, మూడూ కలిపి ఒకే కట్ట! ఆ కట్టను మేడమ్ కాళ్ల దగ్గర పడేసి, హాలు మధ్యలో బుద్ధిగా ఆగింది.

"లప్పమా! ఎంత మోసం!" మేడమ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "మేస్త్రీ! ఇప్పుడే, ఇక్కడే వెల్డింగు చెయ్యి!"

ఫిట్టరు వెళ్లి చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"నన్ను కూడా కలిపి అతికించండి. మోసమే చేశాను, కాదనను. ఒక్క ముడైనా జారిందా చెప్పండి! శవాన్ని చూపించడానికా నేను మూడేళ్లు కళ్లు పోగొట్టుకుంది? లేవను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

మేస్త్రీ నిప్పు వెలిగించలేదు. "ఉత్తర్వు కాగితం చూడందే నేను చెయ్యను మేడమ్. రేపు నా మెడకు చుట్టుకుంటుంది."

కాగితం ఫైల్లో ఉంది. ఫైలు కట్టలో ఉంది. మేడమ్ ముడిని లాగింది, గోళ్లతో గీకింది, పళ్లతో కొరకబోయి జనం చూస్తున్నారని మానేసింది. ఎవరో కత్తెర అందించారు.

కత్తెర తెరిచి ముడి దాకా తీసుకెళ్లి, ఆగిపోయింది. నూరేళ్ల యంత్రం వేసిన ముడి! పాతవస్తువు మీద దుమ్ము కూడా మెత్తటి కుంచెతో దులిపే మనిషికి దీన్ని తెంపడానికి చెయ్యెలా వస్తుంది?

"ఈ ముక్కే వేసిందా?" అంది, గొంతు తగ్గించి.

"అదేనండి," అన్నాడు ఫిట్టరు, లేవకుండానే.

"మళ్లీ! మళ్లీ!" అని జనం గొడుగులు చాస్తున్నారు. మేడమ్ కత్తెర మూసేసింది. యంత్రాన్ని రోజూ పదకొండింటికి వెనక ఆవరణలో నడిపే పని ఫిట్టరుదే అయింది.

చక్రానికి వెల్డింగు చేయాలన్న ఉత్తర్వును ఎవరూ రద్దు చేయలేదు. అది అద్దాలబీరువాలో, ఒక గొడుగుకూ ఒక టోపీకీ మధ్య, భద్రంగా ఉంది.