ఘుఘుతికి చిన్న సవరణ

మాజీ సైనికుల సంక్షేమ శాఖామాత్యులు శ్రీ లోకమణి ఉప్రేతి గారు మా కొండ పట్నం చౌరస్తాలో, నా మైకులోనే, చారిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"మన కుమావూ కొండల సైనికుల్లో తప్పులేదు. వాళ్ల రికార్డుల్లో ఉంది! దీపావళి నాటికి ఈ జిల్లాలో ఒక్క తప్పు కూడా మిగలదు. మిగిలితే నేను మంత్రినే కాదు!"

అని పచ్చ మఫ్లర్‌ని మెడచుట్టూ తిప్పి ముందుకి పెద్ద ముడి వేసుకున్నారు. ఆ ముడి చూస్తే చాలు, వెనకనుంచైనా ఆయన్ని గుర్తుపట్టొచ్చు. చప్పట్లు మోగాయి. మొదటి చప్పట్లు నావి. మైక్ సెట్టు అద్దెకిచ్చేవాడికి అది వృత్తిధర్మం. జిల్లా పత్రికకి వార్తలు రాసేవాడికీ అంతే. నేను రెండూ చేస్తాను.

సైన్యం రికార్డులు సైన్యం దగ్గరుంటాయి, రాష్ట్ర మంత్రికేం సంబంధమని గిట్టనివాళ్లెవరో గొణిగారు. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "సంబంధమున్న పని ఎవడైనా చేస్తాడు. లేని పని చేసేదే సేవ." పైగా ఢిల్లీ నుంచి అనుమతి తెచ్చానని ఒక కాగితాన్ని దూరం నుంచి ఊపి జేబులో పెట్టుకున్నారు. ఇక అనుమానానికి తావేముంది?

మర్నాడే 'సవరణ రథం' వచ్చి నిలబడింది. నిన్నటిదాకా అది పశువుల డాక్టరు తిరిగే వ్యాను. రంగు మారింది కానీ వాసన ఇంకా రాజీనామా చేయలేదు. లోపల ఒక కంప్యూటరు, ఒక హీటరు, ఆ హీటరు ముందు స్పెషల్ ఆఫీసర్ లోహనీ గారు. కుర్చీలోంచి కదలకుండా ఇంత ప్రజాసేవ చేసిన అధికారిని నేను మళ్లీ చూడలేదు.

పనులు చకచకా సాగాయి. ఒక సుబేదారు గారి పుట్టిన సంవత్సరం తప్పుపడి, నాలుగేళ్ల వయసుకే సైన్యంలో చేరినట్టుంది. అది దిద్దమని ఆయన వచ్చాడు. "నాలుగేళ్లకే ఇంత దేశభక్తా! దీన్ని ఎవరూ ముట్టుకోకండి" అని మంత్రిగారు శాలువా కప్పారు. ఒక హవల్దారు గారు కొలిస్తే రికార్డులో ఉన్నదానికన్నా పొట్టిగా తేలాడు. "ముసలితనానికి కుంగాను బాబూ" అని ఆయన మొత్తుకున్నా లోహనీ గారు ఎత్తు సవరించేశారు. అంత పొట్టివాణ్ని సైన్యంలో తీసుకోరు కాబట్టి ఆయన అసలు సైన్యంలో చేరనేలేదని తేలిపోయింది. 'ఒక్క కొలతతో జీవితకాలపు తప్పు దొరికింది' అని నేను పత్రికకి రాసి పంపాను.

ఆ వరసలోనే నిలబడ్డాడు నాయక్ హయాత్ సింగ్ రౌతేలా. ఎనభై దాటిన మనిషి. సైన్యంలో కంచరగాడిదలు తోలాడు. మా దగ్గర ఆ పనికి ఎవరూ నవ్వరు. రోడ్డు ఆగిపోయిన చోటునుంచి ఉప్పూ పప్పూ, గ్యాసు బండా, పెళ్లికూతురి పెట్టె, ఏది పైకి పోవాలన్నా కంచరగాడిద వీపే దిక్కు.

"ఏమిటి తప్పు?" అన్నారు లోహనీ గారు చేతులు కాచుకుంటూ.

"ధైర్యం సార్."

"తక్కువ పడిందా?"

"ఎక్కువ పడింది. కాస్త తగ్గించాలి."

లోహనీ గారు మొదటిసారి హీటరు మీంచి చూపు తిప్పారు.

రికార్డులో ఉన్నది ఇది. యుద్ధం రోజుల్లో, మంచుకొండ మీది పోస్టునుంచి గాయపడ్డ ఇద్దరు జవాన్లని హయాత్ సింగ్ తన వీపున మోసి కిందికి తెచ్చాడు. అతని కంచరగాడిద ఘుఘుతి మాత్రం మందుగుండుతో సహా శత్రువు వైపు పారిపోయి, తర్వాత ఖాళీ వీపుతో తిరిగొచ్చింది.

"అంతా తలకిందులు సార్" అన్నాడు హయాత్ సింగ్. "మందుగుండు దింపేసి ఆ ఇద్దర్నీ దాని మీద కట్టినదాకా నాకు గుర్తుంది. ఆపైన మంచు కొట్టి కళ్లు కనపడలేదు. దాని తోక పట్టుకుని వేలాడాను. అదే దారి వెతుక్కుంటూ ముగ్గుర్నీ దించింది. నాకు తెలివి వచ్చేసరికి శిబిరంలో రాసేవాడు రాసేశాడు. గాడిద తెచ్చిందంటే పై దొర తిడతాడని నా పేరు వేశాడు. మందుగుండు పోయినందుకు ఎవరో ఒకరు దొరకాలిగా, అది దాని నెత్తిన వేశాడు."

"మీకు మంచిదేగా!"

"నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఘుఘుతినేమో రాళ్లు మోయించేవాడికి అమ్మేశారు. మంచి పేరున్న గాడిదైతే ముసలితనంలో పచ్చిక మీద వదిలేవాళ్లు సార్. సొమ్ము దానిది, సోకు నాది."

"ఇప్పుడది ఉందా?"

"ఎప్పుడో పోయింది."

"మరి ఎవరికోసమయ్యా ఈ దరఖాస్తు?"

"పైకి పోయాక నాకూ దానికీ మళ్లీ ఒకచోటే డ్యూటీ పడుతుంది సార్. దాని మొహం ఎలా చూడను?"

లోహనీ గారు కంప్యూటరంతా వెతికారు. పతకం రాలేదు అనే గడి ఉంది. గాయం ఎక్కలేదు అనే గడి ఉంది. 'నేను చేయలేదు' అనే గడి లేదు. "ఇందులో ధైర్యం పైకే పోతుంది తాతా, కిందికి రాదు" అన్నారు విచారంగా.

ఫొటో కోసం నేను హయాత్ తాత ఇంటికి వెళ్లాను. ప్రశంసాపత్రం గోడకే ఉంది, కానీ మొహం గోడవైపు పెట్టి. వెనక అట్టమీద ఆయన భార్య పారులి అవ్వ క్యాలెండరు అంటించుకుంది.

"ఇటు తిప్పితే ఈయనకి అన్నం దిగదు నాయనా" అంది అవ్వ, టీగ్లాసూ, కొరుక్కోవడానికి బెల్లంముక్కా చేతిలో పెడుతూ. "పెళ్లయిన కాణ్నించీ ఇదే గోల. నిద్దట్లో కూడా దాని పేరే. సవతి పోరు అందరికీ ఉంటుంది, నాకేమో నాలుగు కాళ్ల సవతి!"

"నువ్వూ దానిలా ఒక్కసారి మాట్లాడకుండా నడిచి చూపించు, నీ పేరూ కలవరిస్తా" అన్నాడు తాత.

ఈ సంగతి మంత్రిగారి చెవిన పడింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూశారా వినయం! అంత చేసి చేయలేదంటున్నాడు!" వెంటనే రికార్డు సవరించారు. మోసిన జవాన్లు ఇద్దరు కాదు, నలుగురు.

హయాత్ తాత పరుగున వచ్చాడు. "అయ్యా, ఒక్కణ్ని కూడా మోయలేదు!"

"ఆహా, ఏమి వినయం!" ఏడుగురయ్యారు.

తాత నోరెత్తడం మానేశాడు. మౌనంగా ఉన్నందుకు ఇంకో ఇద్దరు పెరిగారు. ఆ తొమ్మిదిమందినీ మోస్తున్న తాత విగ్రహం చౌరస్తాలో పెట్టాలని నిర్ణయం కూడా జరిగిపోయింది. శిల్పి అంతమందిని ఒక వీపు మీద ఎలా పేర్చాలో తెలియక మంచం పట్టాడు.

ఆ ఊపులో మంత్రిగారు చౌరస్తాలో ఉపన్యసించారు. "గాడిద పారిపోయింది! మనిషి నిలబడ్డాడు! ప్రతిపక్షాలకీ మనకీ ఇదే తేడా!"

చప్పట్లలో మొదటివి యథాప్రకారం నావే. కానీ గుంపు వెనకనుంచి దాన్ సింగ్ కేక వేశాడు. దాన్ సింగ్ అంటే పట్నంలోని కంచరగాడిదలవాళ్లందరికీ పెద్ద.

"ఎవడి గాడిద పారిపోయిందయ్యా? మా గాడిదలు పారిపోయేవే అయితే నువ్వు తినే బియ్యం పైకెలా పోతోంది? మాట వెనక్కి తీసుకునేదాకా ఒక్క బస్తా కదలదు!"

కదల్లేదు. మొదట గాడిదల మీద పైకి పోయే యాత్రికులు కూలబడ్డారు. తర్వాత కొండమీది బడిలో పిల్లలకి వంట ఆగింది. మంత్రిగారు చలించలేదు. ఇంకో రెండు రోజులకి, రోడ్డు లేని పై ఊళ్లో మంత్రిగారి అత్తవారింట్లో గ్యాసు అయిపోయింది. దేశ సమస్యలు ఆయనకి ఎప్పుడూ లోతుగానే అర్థమవుతాయి. ఇది ఇంకా లోతుగా అర్థమైంది.

"ఆ గాడిదకి జరిగిన అన్యాయాన్ని నేను సహించను" అని గర్జించి, సవరణ రథంలోకి అందర్నీ పిలిచారు. తాత వచ్చాడు, అవ్వ వచ్చింది, దాన్ సింగ్ వచ్చాడు. వార్త కోసం నేనూ ఇరుక్కున్నాను.

లోహనీ గారు గొంతు సవరించుకున్నారు. "ఘుఘుతి మోసిందని రాయడానికి అభ్యంతరం లేదు సార్. కానీ 'పారిపోయింది' అన్న మాట ఉంది చూశారూ, అది రికార్డుకెక్కిన మాట. కొట్టేయడానికి వీల్లేదు. ఒకరి మీంచి తీసి ఇంకొకరి మీద పెట్టుకోవచ్చు. ఆ పోస్టునుంచి ఆ రోజు ఎవరో ఒకరు పారిపోవాలి."

"గాయపడ్డవాళ్లు?" అన్నారు మంత్రిగారు ఆశగా.

"వాళ్లని కట్టేశారు కదా సార్."

అందరి చూపులూ ఒక్కచోటికే పోయాయి.

"పెన్ను ఇటివ్వండి" అన్నాడు హయాత్ తాత.

అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏమయ్యా, మతి పోయిందా? రేపటినుంచి నన్ను ఊళ్లో ఏమంటారు? ధైర్యవంతుడనే కదా మా నాన్న నిన్ను ఏరికోరి అల్లుణ్ని చేసుకుంది!"

"మీ నాన్న రికార్డు కూడా దిద్దిద్దాంలే. వదులు."

"పరాచికాలకి ఇదా సమయం? పారిపోయినవాడంటారయ్యా!"

తాత ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. "దాన్ని ఇన్నేళ్లు అన్నారుగా పారులీ" అన్నాడు మెల్లగా. "అది పడింది. ఇంక నా వంతు."

అవ్వ చెయ్యి వదిలేసింది. తాత సంతకం పెట్టాడు. పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. హీటరు పొగ వల్లనుకున్నాను. కరెంటు హీటరుకి పొగ ఉండదని బయటికొచ్చాక గుర్తొచ్చింది.

మర్నాటి ఉపన్యాసంలో మంత్రిగారు, "మనిషి పారిపోయాడు! గాడిద నిలబడింది! ప్రతిపక్షాలకీ మనకీ ఇదే తేడా!" అన్నారు. చప్పట్లు మొన్నటికన్నా గట్టిగానే వచ్చాయి. విగ్రహం ఇప్పుడు ఘుఘుతిది. శిల్పి మంచం దిగాడు, గాడిదలు కొండెక్కాయి.

ఆవిష్కరణ రోజున మంత్రిగారి కార్ల కోసం దారికడ్డంగా తాడు కట్టేశారు. దాన్ సింగ్ గాడిదలు గ్యాసు బండలతో తాడు అవతల నిలబడిపోయాయి. హయాత్ తాత ఇస్త్రీ కోటు వేసుకుని, చేతిలో ఒక ఇత్తడి గంట పట్టుకుని వచ్చాడు. ఘుఘుతిని అమ్మేసిన రోజున దాని మెడలోంచి విప్పుకుని దాచుకున్న గంట అది. విగ్రహం మెడలో కడతాడట. గంట తళతళా మెరుస్తోంది. ఆ సంతకం నాటినుంచి మొగుడితో మాట్లాడని అవ్వే పొద్దున బూడిదేసి తోమిందట.

కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. "తాతా, ఏమనుకోకు. వేదిక దగ్గరికి వీరులకే పాసులు. నువ్వు రికార్డు ప్రకారం..."

"అవునవును, నేను పారిపోయాను" అన్నాడు తాత హుషారుగా. "ఇక్కణ్నించే చూస్తాలే బాబూ. తెర తీయమను."

తెర తీశారు.

తెల్లటి గుర్రం. ముందుకాళ్లు రెండూ గాల్లోకి లేపి, జూలు విరబోసుకుని ఉంది. దాని మీద గాయపడ్డ జవాన్లు లేరు. జెండా పట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. మెడలో మఫ్లర్, ముందుకి పెద్ద ముడి. కింద 'వీర ఘుఘుతి' అని బంగారు అక్షరాలు.

లోహనీ గారు నా చెవిలో అన్నారు: "కంచరగాడిద పక్కన మంత్రిగారు ఫొటో దిగితే బాగుండదు కదా. అందుకని చిన్న సవరణ."

నేను తాత వైపు చూడటానికి జంకాను. తీరా చూస్తే, ఆయన ఆ విగ్రహాన్ని ఎగాదిగా చూస్తున్నాడు, అచ్చం కొత్తగా సైన్యం డిపోకి వచ్చిన జంతువుని చూసినట్టు.

"ఇది మా ఘుఘుతి కాదు" అన్నాడు చివరికి. "ఎవరిదో పాపం ఈ గుర్రం. దీని రికార్డులో ఏమేం రాశారో!"

"నీకెందుకయ్యా?" అంది అవ్వ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఒక సవతితోనే నా జన్మ చాలింది."

తాత గంటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తాడు దగ్గరికి నడిచాడు. రెండు గ్యాసు బండలు మోస్తూ, ఎవరి కార్లు ఎందుకు వస్తున్నాయో తెలియక కళ్లు మూసుకుని నిలబడ్డ దాన్ సింగ్ ముసలి గాడిద మెడలో ఆ గంట కట్టాడు. జేబులోంచి బెల్లం తీసి నోటికిచ్చాడు. అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. గాడిద బెల్లం నములుతూ తల విదిలించింది. గంట ఖణేల్మంది.

జనం చప్పట్లు బాగా వినపడాలని అక్కడే ఒక మైకు ముందే పెట్టి ఉంచాను. దాంతో ఆ గంట పట్నమంతా మోగింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు, "నేటితో ఈ జిల్లాలో ఒక్క తప్పు కూడా..." అంటున్నారు. మాట ఆపి, నా వైపు కళ్లురిమి, ఆ చప్పుడు ఆపమని సైగ చేశారు.

నా సెట్టుకి ఆ రోజు రెండు మైకులు, వాటి శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ రెండు మరలు. పెద్దల సైగ అర్థం చేసుకోవడంలో నాకున్న అనుభవం పాఠకులకి తెలియనిది కాదు. వెంటనే ఒక మర పూర్తిగా వెనక్కి తిప్పేశాను. చిన్న సవరణే.

మంత్రిగారి పెదాలు ఆ తర్వాత కూడా చాలాసేపు కదిలాయి. గంట మాత్రం లోయలో ఆఖరి ఊరిదాకా స్పష్టంగా వినపడిందని అందరూ నా సెట్టుని మెచ్చుకున్నారు.